ఒడిలో పొన్నగంటి, గంపలో పొన్నగంటి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కూరగాయలు కొన్న గుర్తు నాకు లేదు. పటాన్‌చెరు దాటాక ఉండే మా చెలకలో వానలు మొదలైతే చాలు, మేము విత్తిన దానికంటే విత్తనిదే ఎక్కువ మొలిచేది. దాన్ని కలుపు అంటే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. తొలి వానలకు తుమ్మికూర తింటే జలుబు, జ్వరం దగ్గరికి రావనేది. కాళ్లు వాచిన వాళ్లకు గలిజేరు వండి పెట్టమనేది. ఒళ్లు వేడి చేస్తే గంగవాయిలి మంచిదని చెబుతూనే, మూత్రంలో రాయి ఉన్నవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దనేది. ఏ ఆకు ఎవరికి పెట్టాలో, ఎవరికి పెట్టకూడదో ఆమెకు నోటికి వచ్చు. ఊళ్లో ఎవరికి ఏ బాధ వచ్చినా ముందు మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. ఆమె చెప్పింది అబద్ధం కావచ్చని ఎవరికీ తోచేది కాదు. నాకు అసలే తోచేది కాదు.

ఆకు కోయడానికి ఆమెకు ఒక పద్ధతి ఉండేది. మా బావి గట్టు మీద కోసింది ఒడిలో వేసుకునేది. అది ఇంటికి. ఆ తర్వాత నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, ఫ్యాక్టరీ వెనక నుంచి వచ్చే కాలువ దగ్గరికి తానొక్కతే గంప తీసుకుని వెళ్లేది. నేను వెంట వస్తానంటే అక్కడ పాములున్నాయనేది. ఆ గంపలోది కాలనీకి. ఫ్యాక్టరీ ఉద్యోగాలకు ఆంధ్ర నుంచి వచ్చిన వాళ్ల ఇళ్లు అక్కడ వరసగా ఉండేవి. ఆకు తీసుకుని వాళ్లు బియ్యం, పాత చీరలు ఇచ్చేవారు.

నాకు ఆ గంప మీద కుళ్లుగా ఉండేది. అందులో పొన్నగంటి ఆకు నా బొటనవేలంత వెడల్పు, నల్లగా మెరిసే పచ్చదనం. ఒడిలో వచ్చేది సన్నగా, అక్కడక్కడా పురుగు కొట్టి ఉండేది. ఆ ఏడు మా అమ్మకు చూపు మందగించింది. పొద్దు గూకితే గడప తగిలి పడిపోయేది. కళ్లకు పొన్నగంటిని మించింది లేదని నాయనమ్మే చెప్పింది. మరి మంచి ఆకంతా కాలనీ వాళ్లకు పోతుంటే అమ్మ కళ్లు ఎలా బాగవుతాయి?

ఒకరోజు నాయనమ్మ చెలక నుంచి వచ్చి స్నానానికి వెళ్లింది. నేను గంపలోంచి రెండు గుప్పిళ్ల ఆకు తీసి అమ్మ చేతికిచ్చాను. ఇంటి ఆకును గంప అడుగున దాచాను. అమ్మ పెసరపప్పు వేసి పొయ్యి మీద పెట్టింది. చాలా మంచి పని చేశాననుకుని నేను పొయ్యి దగ్గరే కూర్చున్నాను.

నాయనమ్మ తల తుడుచుకుంటూ వచ్చి కుండలోకి చూసింది.

"గిది ఎవరు దెచ్చిన్రు?"

"గంపల కెల్లి నేనే దీసిన నాయనమ్మా. అమ్మ కండ్లకని."

ఆమె మసిగుడ్డతో కుండ దించి, పెరట్లో పెంట దగ్గరికి తీసుకెళ్లి కుమ్మరించింది. అంతటితో ఆగలేదు. కోళ్లు అటు పరుగెత్తుతుంటే వాటిని తరిమి, పారతో మట్టి తీసి దాని మీద కప్పింది. కుండను మూడుసార్లు తోమింది. నా చేతులు కూడా కడిగింది.

"ఆకు పసిపోరి లెక్కనే బిడ్డా. ఏది తాపితె గది తాగుతది. కాల్వల కెల్లి ఫ్యాక్టరీ మందు నీళ్లు పోతున్నయ్. గా ఒడ్డుకు మేసిన బర్రె సంగతి సూసినవ్ గద."

చూశాను. మా బర్రెకు గర్భం పోయింది, ఆ తర్వాత అదీ పోయింది. ఆమె అప్పటి నుంచే ఒడినీ గంపనీ వేరు చేసిందని నాకు ఆ క్షణాన అర్థమైంది.

"మరి కాలనీ వాళ్లు తినొచ్చా?" అని అడిగాను.

"నీకెందుకే గా ముచ్చట" అని ఆమె గంప ముందు కూర్చుంది. అడుగున నేను దాచిన సన్నాకును రెమ్మ రెమ్మా ఏరి బయట పెట్టింది. అమ్మకు మళ్లీ దానితోనే వండమని చెప్పి, గంప నెత్తిన పెట్టుకుంది. రోజూలాగే నన్నూ వెంట తీసుకెళ్లింది.

కాలనీలో నాకు ఒక అక్క ఉండేది. వాళ్లు కృష్ణా నది వైపు నుంచి వచ్చారు. నెల పిల్ల తల్లి. నేను వెళ్లినప్పుడల్లా వరండాలో కూర్చోబెట్టి, సుద్దముక్కతో గచ్చు మీద అక్షరాలు దిద్దించేది. అప్పటికి నాకు పది అక్షరాలు వచ్చాయి. ఆరోజు ఆమె పాపను భుజాన వేసుకుని వచ్చింది.

"అవ్వా, నేను పాలిచ్చేదాన్ని కదా. ఇది తినొచ్చంటారా?"

"బాలింతలు తినేటిదే గిది బిడ్డా. పాలు మంచిగ పడ్తయ్" అంది నాయనమ్మ.

నేను ఉండబట్టలేక అన్నాను. "మా ఇంట్ల మేం తినం అక్కా గిది."

అక్క నావైపు చూసింది. "ఎందుకే, ఎందుకు తినరు?"

నేను నోరు తెరిచేలోపు నాయనమ్మ నవ్వింది. ఇంట్లో ఎప్పుడూ నవ్వే నవ్వే అది. "దీనికి ఆకుకూర అంటెనే వాంతి బిడ్డా. పచ్చిపులుసు లేకుంటె బువ్వ దిగది."

"మా ఆయనా అంతే" అని అక్క కూడా నవ్వి నా బుగ్గ గిల్లింది. "ఆకుకూరలు తినకపోతే కళ్లెలా కనబడతాయే, పిచ్చిమొద్దూ." పాపను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రెండు కట్టలు తీసుకుని లోపలికి వెళ్లింది.

తిరిగి వచ్చేటప్పుడు నాయనమ్మ తనంతట తానే మాట్లాడింది. "మన చెలక సగం గా నీళ్లల్లనే పాయె. మంచి ఆకు గుప్పెడంతనే మొలుస్తున్నది. గది మీకు పెట్టాల్నా, ఊరికి పెట్టాల్నా? వాళ్ల ఫ్యాక్టరీ నీళ్లే గద, వాళ్లే తాగనీ."

"అక్క ఏం జేసింది?" అన్నాను. ఆమె గంప సర్దుకుని ముందుకు నడిచింది.

ఇన్నేళ్లలో ఆమె పక్షాన నేను చాలాసార్లు ఆలోచించాను. ఆకలి నాకు తెలుసు. మా భూమికి జరిగింది అన్యాయమే. ఆకు అమ్మడాన్ని ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. నిజం చెప్పిన నన్ను అబద్ధాలకోరును చేసిన ఆ నవ్వును మాత్రం క్షమించలేకపోయాను. మేం తినం అన్న తర్వాత కూడా అక్క నమ్మింది ఆమెనే. అక్క చోట ఉంటే నేనైనా ఆమెనే నమ్మేదాన్ని.

ఆ తర్వాత నేను కాలనీకి వెళ్లలేదు. అక్క ముఖం చూడలేకపోయాను. అక్షరాలు ఆ పది దగ్గరే ఆగిపోయాయి. మిగతావి నేర్చుకునేసరికి నాకు నలభై దాటాయి. ఏడాది తిరగకుండానే అక్క వాళ్లు వేరే ఊరికి బదిలీ అయి వెళ్లిపోయారని విన్నాను. ఆ పాప ఇప్పుడు నడివయసు మనిషి అయి ఉంటుంది. బాగుందో లేదో నాకు తెలియదు. అడగడానికి ఎవరూ లేరు.

ఇప్పుడు అడవి ఆకుకూరలకు గిరాకీ వచ్చింది. తెల్లాపూర్ నుంచి కార్లలో వచ్చి మరీ కొంటున్నారు. పటాన్‌చెరు సంతలో నేను తాజాదేనా అని అడగను. ఆకు ముఖమూ చూడను, అమ్మే మనిషి ముఖమూ చూడను. "మీ ఇంట్ల గూడ గిదే వండుతున్నరా?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరికి కోపం వస్తుంది. "నీకు నచ్చితె తీసుకో, లేకుంటె పో" అన్నవాళ్లూ ఉన్నారు.

మొన్నీమధ్య ఒక ముసలామెనూ అదే అడిగాను. ఆమె తల వంచుకుంది. తర్వాత చెయ్యి చాపి, నా చేతిలోని కట్టను మెల్లగా తీసుకుని గంపలో పెట్టేసుకుంది. బదులుగా ఇంకో కట్ట కూడా ఇవ్వలేదు.

చనిపోయి ఇన్నేళ్లయినా, మా నాయనమ్మ మీద నాకు ఆరోజు మళ్లీ కోపం వచ్చింది. ఆమె కూడా అంతమాత్రం చేసి ఉండవచ్చు కదా.