చెరకు తోటకు సరిపోయే తుపాకీ

చెరకు తోటలో నడిచే మనిషికి తుపాకీ బరువుకంటే పొడవుతోనే ఎక్కువ ఇబ్బంది. బరువు భుజానికి అలవాటవుతుంది, పొడవు అలవాటు కాదు. భుజం మీంచి పైకి పొడుచుకొచ్చిన గొట్టం ప్రతి ఆకుకూ తగులుతుంది. వెనక కట్టె తొడ పక్కన కొట్టుకుంటుంది. గట్టు మీద వంగినప్పుడల్లా పట్టీ జారుతుంది. ఈ మూడు సంగతులూ బాపు చెప్పినవి. మా వైపు నాన్నను అలాగే పిలుస్తాం. ఫౌజు నుంచి పెన్షన్ తీసుకుని వచ్చాక ఆయన సూరత్ దగ్గర కడోదరా దాటాక ఉన్న ఒక సేఠ్ తోటలో గన్‌మన్‌గా కుదిరాడు. నా చదువంతా ఆ పనిమీదే నడిచింది.

ఆ తోటలో తుపాకీ ఉన్నది కాల్చడానికి కాదు. చిరుతలు వస్తాయి, వాటిని కాల్చకూడదు. అడవిపందులు వస్తాయి, అనుమతి లేకుండా వాటినీ కాల్చకూడదు. మోటార్ల రాగితీగ కోసం దొంగలు వస్తారు, వాళ్లకు తుపాకీ కనిపిస్తే చాలు. బాపు అక్కడ ఒక్క గుండు కూడా కాల్చలేదు. పొద్దువాలినప్పటి నుంచి గట్ల మీద తిరగడం, తిరుగుతున్నట్టు నలుగురికీ కనిపించడం, అదే ఉద్యోగం. దానితో పాటే సూరత్‌లోని ఆల్థాన్‌లో సేఠ్ అపార్ట్‌మెంట్ వెనక మాకు రెండు గదులు. గన్‌మన్ మా ఇంట్లోవాడై ఉన్నంతకాలం ఆ గదులు మావి.

షుగర్ బాపు కళ్లకు పాకింది. ఎదురుగా ఉన్నది ఆయనకు బాగానే కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చేది కనిపించదు. లైసెన్సు రెన్యువల్‌కు కావలసిన సర్టిఫికెట్ ఇవ్వలేనని డాక్టర్ చెప్పేశాడు. పాత డబుల్ బ్యారెల్ తుపాకీ డీలర్ దగ్గర జమ అయింది. అప్పుడు మేం చేసిన ఆలోచన ఇది.

"నీ పేరు మీద లైసెన్స్ తీద్దాం. పేరుకే. మోసుడు నేనే మోస్త," అన్నాడు బాపు.

మాకు అది బండి ఆర్.సి. లాంటిదనిపించింది. పేరు ఒకరిది ఉంటుంది, నడిపేది ఇంట్లో ఎవరైనా కావచ్చు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చదివినవాణ్ణి. ఫారం నింపే ముందు నిబంధనలు చదివి ఉండాల్సింది. ఫారంలోని గడులు మాత్రమే చదివి, ఒక్క కొట్టివేత లేకుండా నింపాను. శిక్షణకు వెళ్లాను, పోలీసు విచారణ అయింది, లైసెన్సు వచ్చింది. దాన్ని తీసుకుని ఇద్దరం పాత బజారులోని డీలర్ దగ్గరికి వెళితే, అరవై దాటిన ఆ పెద్దాయన పుస్తకంలో నా ఫొటో చూసి, బాపు మొహం చూసి, హిందీలో సంగతి తేల్చేశాడు. లైసెన్సు ఎవరిదో తుపాకీ వాడి భుజం మీదే ఉండాలి. తండ్రి భుజాన కనిపిస్తే ఇద్దరి మీదా కేసు. కొడుకు ఊరు దాటి ఉండాల్సి వస్తే తుపాకీని ఇంట్లో వదలకూడదు, తెచ్చి దుకాణంలో జమ చేసి వెళ్లాలి.

బాపు లైసెన్సు పుస్తకాన్ని నా వైపు జరిపాడు. తర్వాత, "సరే, చూపియ్యి కాకా," అన్నాడు.

నేను అప్పటికి కడోదరాలో ఒక రంగుల మిల్లులో ఉష్ణోగ్రత సెన్సర్లు చూసుకునే పనిలో ఉన్నాను. రైల్లో రెండు గంటల దూరంలోని వడోదరలో ఒక కాలిబ్రేషన్ ల్యాబ్ వాళ్లు ఇంటర్వ్యూ చేసి, దీపావళి సెలవుల తర్వాత చేరమన్నారు. మిల్లులూ ఫ్యాక్టరీలూ వాడే కొలత పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో కొలిచి చెప్పే చోటు అది. చల్లటి గదులు, అదరని రాతిబల్లలు. అలాంటి గదిలో నిలబడాలనే నేను డిప్లొమా చదివాను. ఆ కబురు ఇంట్లో చెప్పినప్పుడు బాపు "మంచిది" అన్నాడు. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. సాయంత్రాలు తోటలో తుపాకీతో తిరిగేవాడు వడోదరలో ఉండలేడన్నది అమ్మతో సహా ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

లైసెన్సులో తుపాకీ ఎక్కించుకోవడానికి ఒక గడువు ఉంటుంది. నాది దీపావళికి అటూఇటూగా ముగుస్తుంది. ఆలోపు ఏదీ కొనకపోతే ఆ కాగితం వట్టిపోతుంది. నేను వద్దని అనక్కర్లేదు. ఏ తుపాకీ సరిపోలేదని తేలితే చాలు.

అందుకని ఎంచడం మొదలుపెట్టాను. పొడవు తక్కువ ఉండాలి. ఖాళీగా మోసేటప్పుడు బరువు ముందుకు వాలకూడదు. గుండు ఎక్కించడానికి లాగే బోల్టు పిడి బయటికి పొడుచుకుని ఉండకూడదు, లేకపోతే ఆకుల్లో తగులుకుంటుంది. సేఫ్టీ బొటనవేలికి అందాలి. పట్టీ కొక్కెం పక్కకు ఉండాలి. తేమకు తుప్పు పట్టకూడదు. బోల్ట్ యాక్షన్ రకమే కావాలి, ఎందుకంటే చేత్తో బోల్టు వెనక్కి లాగి ముందుకు నెడితే తప్ప అందులో గుండు ఎక్కదు. ఖాళీగా ఉందో లేదో తెరిచి చూసుకోవచ్చు. కాల్చకుండా మోసేవాడికి అంతకంటే నమ్మకమైనది లేదు. ఇవన్నీ నిజమైన కారణాలే. అబద్ధమైతే బాపు పట్టుకునేవాడు.

డీలర్ చూపిన మొదటి రైఫిల్ కొత్తది, .315 బోర్, మంచి పనితనం. గొట్టం పొడవు. రెండోది .22, తేలిక. దాని బోల్టు పిడి అడ్డంగా బయటికి నిలబడి ఉంది, పట్టీ కొక్కెం కింద ఉంది. నేను టేపు తీసి కొలిచి, రెండింటినీ బల్ల మీద పెట్టేశాను. ఇంకొకసారి వెళ్లినప్పుడూ అంతే.

"అరే భాయ్," అన్నాడు డీలర్ బాపుతో, "యే లడకా బందూక్ లేనే ఆయా హై యా బందూక్ కా పోస్ట్‌మార్టం కర్నే?"

కొనడానికొచ్చాడా, కోసి చూడడానికొచ్చాడా అని. బాపు నవ్వాడు. బయటికొచ్చాక నవ్వలేదు. "ఏందిరా, పిల్లను జూసినట్టు జూస్తున్నవ్. ముక్కు బాగుంటె చెవ్వు బాగలేదంటవ్."

"పొడుగు నువ్వే గద బాపూ వద్దన్నది."

"అన్న. గని ఎంత పొడుగైతె ఎక్కువనో నీకెట్ల తెలుసు? నువ్వు చెరుకుల సొచ్చినవా ఎన్నడన్న?"

అది న్యాయమైన ప్రశ్న. ఆదివారం మిల్లు స్టోరు నుంచి పాత ప్లాస్టిక్ పైపు తీసుకెళ్లి మూడు పొడవుల్లో కోశాను. గుడ్డ పట్టీలు కట్టి, లోపల ఇసుక పోసి, బరువు సరిచూసి, ఒక్కొక్కటీ భుజాన వేసుకుని బాపు వెనక తోటలోకి దిగాను. ఇలా ఇంకో రోజు గడిచినా గడువు దగ్గరపడుతుంది కదా అనుకున్నాను. గట్టు మీద కూర్చుని రొట్టె తింటున్న చెరకు కోత ఆడమనిషి ఒకామె మమ్మల్ని చూసి పక్కవాళ్లను మోచేత్తో పొడిచింది.

"ఓ ఇంజినీర్! పైపుతో దీప్‌డాకు నీళ్లు పెట్టబోతున్నావా?" అంది హిందీలో. దీప్‌డో అంటే అక్కడ చిరుత. అందరూ నవ్వారు. బాపు వెనక్కి తిరగకుండానే, "దానికి దాహమైతె ముందుగాల నిన్నే అడుగుతది తియ్యమ్మా," అన్నాడు తెలుగులో. ఆమెకు అర్థం కాకపోయినా ఇంకోసారి నవ్వింది.

పొడవైన పైపు నాలుగడుగులకొకసారి ఆకుల్లో చిక్కింది. మధ్యది వంగినప్పుడు చిక్కింది. పొట్టిది ఎక్కడా తగలలేదు. అది భుజాన ఉన్నదన్న సంగతే కాసేపటికి మరిచిపోయాను. బాపు ముందు నడుస్తూ ఉన్నాడు, చేతిలో కర్ర, ఒంటి మీద ఇంకా ఆ గన్‌మన్ చొక్కాయే. సందు మలుపు దగ్గర ఎడమపక్క నుంచి వాలిన ఆకును ఆయన చూడలేదు. చెరకు ఆకు అంచు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు తెలుసు. కంటి కింద సన్నగా గీసుకుపోయింది. చొక్కా చేతితో తుడుచుకుని, గీత ఎర్రగా తేలుతుంటే, "పొట్టిది బాగనే నడుస్తది గదా," అన్నాడు.

రోడ్డెక్కేసరికి సేఠ్ కారు ఆగి ఉంది. అద్దం దించాడు. "క్యా ఇంజినీర్, బందూక్ మిలీ?"

నేను నోరు తెరిచేలోపు బాపు, "మిల్ జాయేగీ సేఠ్. లడకా బారీకీ సే దేఖ్ రహా హై," అన్నాడు. తుపాకీ దొరుకుతుంది, కొడుకు నిదానంగా, వివరంగా చూస్తున్నాడని.

"దేఖో, దేఖో. దివాలీ తక్ దేఖో," అన్నాడు సేఠ్. దీపావళి దాకా చూడమని, ఆ తర్వాత ఏజెన్సీ నుంచి మనిషి వస్తాడని, అతనికి పెళ్లాం పిల్లలు ఉన్నారని, వాళ్లకు ఎక్కడో చోటు చూడాలని కూడా చెప్పాడు. కోపంగా చెప్పి ఉంటే నాకు కొంచెం సాయంగా ఉండేది. చాలా మర్యాదగా చెప్పి, బాపు చెంప మీద గీత చూసి, పసుపు పెట్టుకొమ్మని వెళ్లిపోయాడు.

అవ్వ, అంటే మా అమ్మ, ఆ సాయంత్రం రొట్టెలు చేస్తూ నన్ను పిలిచింది. బాపు స్నానానికి వెళ్లాడు.

"నీకొద్దంటె ఒద్దను. తుపాకిలకు వంకలు పెట్టకు."

"వంకలు గావు అవ్వా. నిజంగనే..."

"నిజమే. నువ్వెన్నడు అబద్ధం కొలువవు. గని ఒద్దనేటోడు ఒద్దంటడు, గిట్ల చెవ్వు ముక్కు కొలువడు."

"వద్దంటె ఏమైతది?"

"ఏమైతది, ఇల్లు ఖాళీ చేస్తం. ఊర్లెకెల్లొచ్చినోళ్లందరు ఉంటున్నరు గద సాంచెల పక్కపొంటి, గాళ్ల తీర్గ ఉంటం. మీ బాపు యాడనన్న వాచ్‌మన్ చేస్తడు." సాంచెలంటే మా వైపు మరమగ్గాలు.

"గా కండ్లతోటా?"

ఆమె రొట్టె తిప్పింది. పిండి చేతిని పెనం పక్కన దులిపింది. "నాకేమెర్క బిడ్డా. నువ్వే చెప్పు. కొలిచేటోనివి నువ్వే గదా."

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగింది. ఆమె ఇంకో ముద్ద తీసుకుంది.

దీపావళికి ముందు వారం డీలర్ ఫోన్ చేశాడు. ఎవరో రైతు పోయాక వారసులు అమ్మేసిన పాత బోల్ట్ యాక్షన్ రైఫిల్ వచ్చిందట. వెళ్లాం. డీలర్ బల్ల మీద గుడ్డ తీశాడు. తయారైనప్పుడే పొట్టిగా చేసిన గొట్టం. బోల్టు పిడి కిందికి వంచి, కట్టెకు ఆనుకుని ఉంది. సేఫ్టీ బొటనవేలికి అందింది. పట్టీ కొక్కెం పక్కనే. పట్టుకుంటే బరువు రెండు చేతుల మధ్య నిలబడింది. తుప్పు చుక్క లేదు. టేపుతో కొలిచాను. రెండోసారి కొలిచాను. బాపు చూస్తూ ఉన్నాడు.

భుజానికెత్తి చూస్తే వెనక కట్టె పొడవు. పోయిన రైతు పొడగరి కాబోలు. ట్రిగ్గర్ అందుకోవడానికి చేయి సాచాల్సి వచ్చింది.

"ఇది నాకు సరిపోదు," అన్నాను. నా గొంతులో ఎంత తేలిక వినిపించిందో నాకే తెలిసింది. "కట్టె ఎక్కువైంది."

"బస్, లకడీ?" అన్నాడు డీలర్. గొట్టాన్ని ముట్టుకుంటే నేరం, కట్టెను మనిషికి తగ్గట్టు కోసుకోవచ్చు, రోజూ చేసే పనే అన్నాడు. నా కుడిచేయి మడిచి పట్టుకుని, మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా చెక్క స్కేలు పెట్టాడు. దర్జీ కొలత తీసుకున్నంత మామూలుగా తీసుకున్నాడు. బాపు చేయి జేబులో ఉంది.

డీలర్ రైఫిల్‌ను గుడ్డ మీద పక్కకు తిప్పి, చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి, కట్టె మీద గీత గీశాడు. కంటి అంచనాతో గీశాడు. స్కేలు పక్కనే ఉంది, వాడలేదు. గీత కొద్దిగా వాలింది. పైగా చివర అతికించే రబ్బరు దిండు మందం తీసివేయలేదు.

"వంకర ఉంది," అన్నాను.

ఆయన తల పక్కకు వంచి చూసి, "చాల్‌శే," అన్నాడు.

సూరత్‌లో పెరిగినవాళ్లకు ఆ మాట చెప్పనవసరం లేదు. నడుస్తుంది, పర్వాలేదు, సరిపోతుంది అని. మిల్లులో సెన్సర్ రెండు డిగ్రీలు తప్పు చూపించినా చాల్‌శే. రంగు కొంచెం తేలినా చాల్‌శే. ఆ మాట వినపడని గదిలోకి వెళ్లాలనే నేను వడోదర వాళ్లకు సరే అన్నాను.

ఆ గీత మీద కోస్తే కట్టె పాడవుతుంది. భుజానికి ఒక మూలే ఆనుతుంది. నాకు సరిపోదు, బాపుకు సరిపోదు, తర్వాత ఎవరికీ సరిపోదు. నేను ఏమీ అనకుండా నిలబడితే చాలు. పాడైన తుపాకీ కొనమని ఎవరూ అనరు. గడువుకు ఇంకా వారమే ఉంది. ఆయన రంపం తీసి బల్ల మీద పెట్టాడు. పళ్లలో పాత పొట్టు ఇరుక్కుని ఉంది.

"ఆగండి," అన్నాను.

పెన్సిల్ ఆయన చేతిలోంచి తీసుకున్నాను. ఆ గీతను వేలితో చెరిపాను. రబ్బరు దిండు అడిగి మందం కొలిచి, మోచేతి కొలతలోంచి తీసేశాను. రంపం మందానికి ఒక వెంట్రుకవాసి వదిలాను. పాత అంచు వాలు ఎంత ఉందో కాగితం ముక్క మడిచి పట్టుకుని, అదే వాలుతో కొత్త గీత గీశాను. రైఫిల్ తిప్పి రెండోవైపు గీశాను. రెండు గీతలూ కింద కలిశాయో లేదో చూశాను. కలిశాయి.

"అబ్ కాటో," అన్నాను.

డీలర్ బాపు వంక చూశాడు. బాపు తల ఊపలేదు. నా చేతిలోని పెన్సిల్ వైపే చూస్తున్నాడు. పక్కనుంచి కనిపించదు కాబట్టి మొత్తం తల తిప్పి చూస్తున్నాడు. రంపం కట్టెలో పడింది.

దిండు బిగించాక భుజానికెత్తాను. చేయి సాచాల్సిన పని లేకుండా ట్రిగ్గర్ వేలికి వచ్చింది. పట్టీ వేసుకుని ఆ ఇరుకు దుకాణంలో అటు తిరిగాను, ఇటు తిరిగాను. గోడకు తగల్లేదు, అల్మారాకు తగల్లేదు. డీలర్ లైసెన్సు పుస్తకంలో నంబరు ఎక్కించాడు.

ఆటోలో కవరులో పెట్టిన రైఫిల్ నా మోకాళ్ల మధ్య ఉంది. దీపావళి బజారు, ట్రాఫిక్ కదలడం లేదు. బాపు అడిగాడు.

"వడోదరోళ్లకు ఏం చెప్తవ్?"

"ఇంక అనుకోలే."

"ఫోన్ల చెప్పకు. బాగుండది. గంత మంచిగ పిలిచినోళ్లు. ఒక దినం పోయి, ముఖం మీద చెప్పి రా."

"పోవచ్చు," అన్నాను. "గని ఆ రోజు దీన్ని మళ్ల దుకాణంల జమ చేసి పోవాలె."

బాపు కవరు మీద చేయి వెయ్యబోయి, వేయకుండా తన ఒళ్లోనే పెట్టుకున్నాడు.

"అవు గద," అన్నాడు.