పక్కింటి అక్క వాటా నూనె

నా చిన్నప్పుడు మేము ఖాజాగూడలో ఉండేవాళ్ళం. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడు జొన్నచేలు, చెరువు, ఏనుగులంత బండరాళ్ళు ఉండేవి. మా నాన్న ఆ ఊరి బడిలో పంతులు. కోస్తా నుంచి వచ్చి ఉద్యోగంలో చేరారు. ఊరికి ఇంకా కరెంటు రాలేదు. దీపానికైనా, స్టవ్వుకైనా కిరసనాయిలే దిక్కు. ఊళ్ళోవాళ్ళు దాన్ని గాసునూనె అనేవారు.

ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి ఉద్యమం రేగిన ఏడు నాకు పదేళ్ళు. బడులు మూతపడ్డాయి. పట్నం వెళ్ళొచ్చినవాళ్ళు రోజుకో కబురు తెచ్చేవారు. వాటిలో అందరినీ కలవరపెట్టింది మాత్రం ట్యాంకర్ల కబురు. డ్రైవర్లు సమ్మె చేస్తారట, పెట్రోలు గానీ గాసునూనె గానీ ఇక రాదట, వచ్చినా ధర మండిపోతుందట. ఊళ్ళో ఒకే ఒక్క మోటారు సైకిలున్న పెద్దాయన దాన్ని కొట్టంలోకి తోసి, పైన గోనెపట్టా కప్పి, “ఇగ నడుసుడే” అన్నాడు. కుర్రవాళ్ళు కొందరు ఆగితే ఆగనీ, తెలంగాణ రానీ అన్నారు. వాళ్ళ తల్లులు మాత్రం పొయ్యిలోకి తడి కట్టెలు ఎగదోస్తూ ట్యాంకర్లను, సర్కారును, కొడుకులను కలిపి తిట్టారు. మా అమ్మ వంటింట్లో గొంతు తగ్గించి, “మనకి ఇస్తారో ఇవ్వరోనండీ” అని నాన్నతో అనడం నేను విన్నాను. ఆ మాట నాలో ఉండిపోయింది.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ప్రైవేటుగా మెట్రిక్ పరీక్షకు కట్టింది. ఆ ఊళ్ళో అంతవరకూ ఏ ఆడపిల్లా ఆ పరీక్ష రాయలేదు. పగలంతా చేను పనికి పోయి, చీకటి పడ్డాక బుడ్డి దీపం ముందు కూర్చునేది.

కంట్రోలు దుకాణంలో నూనె ఇస్తున్నారని చాటింపు వేసిన రోజున నాన్న ఆఫీసు పని మీద పట్నంలో ఉన్నారు. అక్క కూడా హాల్ టికెట్టు కోసం పొద్దున్నే పట్నం వెళ్ళింది, వాళ్ళ అమ్మానాన్నలు చేను పనిలో ఉన్నారు. తమ్ముడు చంటివాడు కావడంతో అమ్మ కదల్లేక డబ్బా ఇచ్చి నన్ను పంపింది. దుకాణం ముందు ఊరంతా ఉంది. ఇంటికి రెండు సీసాలే అన్నారు. వెనకున్నవాళ్ళకు అందుతుందో లేదోనని తోసుకుంటున్నారు. నా వంతు వచ్చేసరికి నాకేమైందో తెలియదు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చెప్పలేదు.

“పక్కింటి అక్క తనది కూడా నన్నే తెమ్మంది,” అన్నాను.

దుకాణం ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. “సారు బిడ్డ అబద్ధమాడతదా,” అని తనే అనుకుని నాలుగు సీసాలు పోశాడు. అమ్మకేమో, ఎక్కువ ఇచ్చారని చెప్పాను. అమ్మ మొహం వెలిగింది. మంచివాళ్ళమ్మా వీళ్ళు, అంది.

పొద్దు వాలుతుండగా వీధిలో అరుపులు వినిపించాయి. పట్నం నుంచి వచ్చిన అక్క సీసా పట్టుకుని దుకాణానికి పోయిందట. నీ వాటా సారోళ్ళ బిడ్డ తీసుకుపోయింది కదా అన్నారట. ఖాళీ సీసాలతో అక్కడే ఉసూరుమంటున్నవాళ్ళకు ఆ మాట చాలింది. ఆంధ్రోళ్ళు నూనె దాస్తున్నరని ఒకరంటే పదిమంది అందుకున్నారు. ఇరవైమంది దాకా మా ఇంటివైపు వస్తున్నారు.

నేను డబ్బా ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తాను. దొంగసొత్తు కనిపించకూడదన్న ఒక్కటే ఆలోచన. రెండు సీసాల నూనె ఉంటుందనుకున్నంత బూడిదకుప్ప మీద గుమ్మరించాను. అది కళ్ళముందే ఇంకిపోయింది. తిరిగొచ్చేసరికి అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని గడప మీద నిలబడింది. వాళ్ళు అడిగేది ఏమిటో కూడా ఆమెకు తెలియదు.

“బయటికి తీయుండ్రి దాచింది!” ఎవరో అరిచారు.

అప్పుడు అక్క వాళ్ళందరినీ తోసుకుని ముందుకొచ్చింది. నా వైపు చూసింది. ఆ చూపులో కోపముంటే నేను బతికిపోయేదాన్ని.

“ఏందివయా గిట్ల మీదికొస్తున్నరు? నేనే తెమ్మన్న,” అంది.

“మరి దుకాణంల సీసా పట్టుకొని ఎందుకు నిలబడ్డవ్?”

“మర్చిపోయిన. పొద్దున చెప్పి పోయిన. ఎండల తిరిగొచ్చిన కదా, యాదికి లేదు.”

ఎవరూ నమ్మినట్టు లేరు. కానీ వాటా ఆమెది. ఆమే ఇచ్చానంటే ఇక అడిగేదేముంది? గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. వెళ్తూ ఒకాయన, “ఆంధ్రోళ్ళ మనిషివైపోయినవ్,” అని ఆమె మొహాన్నే అన్నాడు. అక్క నా దగ్గరికొచ్చి వంగింది. నా గౌను నిండా నూనె వాసన.

“పారబోసినవా?” అని మెల్లగా అడిగింది.

తలూపాను.

“భయమైతే జర నాకు చెప్పొద్దా, బిడ్డా,” అంది. అంతే.

అమ్మకు అప్పుడర్థమైంది. నన్ను కొట్టలేదు. మిగిలిన నూనె అంతా పట్టుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో పెట్టింది. అక్క బుడ్డి నిండేంత మాత్రం పోసుకుని, చంటిపిల్లవాడికి పాలు కాచాలె కదమ్మా అని డబ్బా తిరిగిచ్చేసింది. ఆ బుడ్డి ఎన్నాళ్ళొస్తుంది? నాలుగో రోజు నుంచి అక్క సాయంత్రం పుస్తకం పట్టుకుని మా ఇంటి వెనక బండ ఎక్కేది. ఊళ్ళో అన్నిటికన్నా ఆలస్యంగా వెలుగు పోయేది ఆ బండ మీదే. అక్షరాలు కనిపించినంతసేపు చదివి, కనిపించకపోయినా కాసేపు అలాగే కూర్చుని దిగేది. నేను పెరట్లోంచి చూసేదాన్ని.

తీరా చూస్తే సమ్మె జరగనే లేదు. అక్క పరీక్షలైన వారానికి నూనె మామూలుగా వచ్చింది.

అక్క లెక్కల్లో తప్పింది. మరుసటి ఏడు పెళ్ళి చేసి పంపేశారు. మళ్ళీ పరీక్ష రాయలేదు. ఫలితాలొచ్చిన రోజు అమ్మ ఏడుస్తుంటే, “నాకు లెక్కలు ముందుసంది రావమ్మా,” అని తనే అమ్మను ఓదార్చింది. నాకు భాగహారం నేర్పింది ఆమే. చేలో గట్టు మీద కూర్చుని, కాగితం లేకుండా, పుల్లతో మట్టి మీద.

మొన్నామధ్య ట్యాంకర్లు ఆగిపోతాయని పుకారు పుట్టి, మాదాపూర్ బంకుల ముందు కార్లు మైళ్ళ కొద్దీ నిలబడ్డాయి. మా అల్లుడు కారుతో పాటు రెండు క్యాన్లు కూడా నింపిద్దామన్నాడు. వద్దన్నాను. ఎందుకని అడిగాడు. ట్యాంకులో ఉన్నంతవరకు తిరుగుదాం బాబూ, తర్వాత బస్సులున్నాయి అన్నాను. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడుతున్నా, అలాంటి వరుసల్లో మనుషుల మొహాలు చూస్తే నా చేతులకు ఆ వాసన వస్తుంది.

అక్క పోయి చాలాకాలమైంది. ఆ రోజు వాకిట్లో ఉన్నవాళ్ళు కూడా చాలామంది లేరు. వాళ్ళ దృష్టిలో ఆమె చివరిదాకా వాటాను ఆంధ్రావాళ్ళకు ఇచ్చుకున్న మనిషిగానే మిగిలింది. ఆ వాకిట్లో నేను ఒక్క మాట అంటే సరిపోయేది. పదేళ్ళప్పుడు అనలేదు సరే, ఇరవై ఏళ్ళప్పుడూ అనలేదు, నలభై ఏళ్ళప్పుడూ అనలేదు. వినాల్సినవాళ్ళు వెళ్ళిపోయాక ఇప్పుడు చెబుతున్నాను. ఆమె నన్ను తెమ్మనలేదు. నేనే అబద్ధమాడాను.