బొమ్మలో చూసిన నీళ్ళు

మొన్న సెలవులకు వచ్చిన మా మనుమరాలు, నేను టీవీ చూస్తూ కూర్చుంటే పక్కన చేరి, తను చదువుతున్న చదువు గురించి చెప్పుకొచ్చింది. పత్రికలూ టీవీలూ జనానికి ఏం చూపిస్తున్నాయి, ఎట్లా చూపిస్తున్నాయి, చూసినవాళ్ళు ఎందుకు నమ్ముతున్నారు అన్నదాని మీద ఇప్పుడు కాలేజీల్లో పెద్ద చదువే ఉందట. అప్పుడే ఏదో ఐస్‌క్రీం ప్రకటన వస్తూంటే, దీపాల వేడికి అసలుది కరిగిపోతుంది గనుక ఉడికిన ఆలుగడ్డను మెదిపి రంగు కలిపి పెడతారనీ, పండ్ల మీద మెరిసే బొట్లు నీళ్ళు కావనీ, ఒకచోట తీసిన మనిషినీ ఇంకోచోట తీసిన వస్తువునూ వెంటవెంటనే చూపిస్తే రెండూ ఒక్కచోటనే ఉన్నాయని మన మనసే అనుకుంటుందనీ విడమరచి చెప్పింది. ఇవన్నీ నేను నిజమనే నమ్ముతుంటానని దాని ఉద్దేశం. నేను నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ చివరి మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఆ సంగతి దానికి పుస్తకంలో పాఠం. మా ఇంట్లో అది మా అక్క బతుకు.

అప్పటికి రాష్ట్రం ఏర్పడి ఎంతో కాలం కాలేదు. మా దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేది; మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి; ప్రకాశం జిల్లా అనే మాటే ఇంకా పుట్టలేదు. మా ఊరు దర్శికి బండి దారిన సగంపూట ప్రయాణం. సినిమా చూడాలంటే దర్శిలో డేరా హాలు పడిన రోజుల్లో బండ్లు కట్టుకుని, సద్దిమూటలు పెట్టుకుని పోయేవాళ్ళం. అట్లా పోనవసరం లేకుండా సినిమాయే ఊళ్ళోకి వచ్చేది ఎప్పుడంటే, కంపెనీల ప్రచారం బండ్లు వచ్చినప్పుడు. నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, టీ పొడి బండి వస్తే చెట్టు కింద పొయ్యి పెట్టి ఊరంతటికీ ఊరికే టీ కాచి పోసేవాళ్ళు. మా నాయనమ్మ ఆ టీ ఒక గుక్క తాగి, కషాయానికి చక్కెర దండగ అని గ్లాసు కింద పెట్టేసింది.

అట్లాగే ఒకసారి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్ల కంపెనీ బండి వచ్చింది. చీకటి పడ్డాక బడి గోడకు తెల్లగుడ్డ కట్టి బొమ్మ వేశారు. వెనకాల కొండల వరస, ముందర నెర్రెలిచ్చిన చేను, బావిలోంచి నీళ్ళు లాగే కపిల తోలి తోలి అలసిపోయిన ఎద్దులు. అంతలో ఇంజన్ వచ్చింది. తెల్ల తలపాగా చుట్టుకున్న ఒక పడుచువాడు బావిగట్టు మీద నిలబడి దోసిలి పట్టి నవ్వాడు. మరుక్షణం తొడలావు పైపులోంచి ఉరికిన నీళ్ళు ఆ దోసిట్లో పడి నాలుగు వైపులా చిమ్మాయి. ఆ వెంటనే చెరకు, అరటి. అర్ధవీడు అవతల ఫలానా పల్లె అని ఊరి పేరు కూడా చెప్పి, ఆ ఊరికి ఇక కరువు లేదని గంభీరమైన గొంతు ఒకటి పలికింది. బడి ముందర కూర్చున్న రైతులందరూ ఒక్కసారిగా ఊపిరి వదలడం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మా అక్క ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఆ నవ్వు చూసింది.

మా నాయన తేలిగ్గా మోసపోయే మనిషి కాదు. విత్తనం కొరికి చూడందే కొనడు, ఎద్దు పళ్ళు లెక్కపెట్టందే బేరమాడడు. ఎవరేం చెప్పినా సగం తీసేసి వినేవాడు. కానీ చెప్పింది వేరు, చూసింది వేరు. ఆ రోజుల్లో పంచాయితీల్లో ఒకడు నా కళ్ళతో చూశానన్నాడంటే ఇక వాదం అక్కడితో తెగిపోయేది. కళ్ళకు కూడా అబద్ధం చెప్పవచ్చునన్న సంగతి మా వాళ్ళెవరికీ తెలియదు.

ఏడాది తిరక్కముందే నాయన మేనమామ ఒక సంబంధం తెచ్చాడు. ఊరు ఏదంటే ఆ బొమ్మలో ఊరే. పిల్లవాడు ఎవరంటే, కంపెనీ వాళ్ళు బొమ్మ తీసుకుపోయిన ఆ తలపాగా పిల్లవాడే అని ఆయనే కనుక్కుని చెప్పాడు. గొర్రెలున్నాయి, ఇంత భూమి ఉంది, ఒక్కడే కొడుకు. ఈ మాట తెలిసిన దగ్గర్నుంచీ మా ఊరికి మా అక్క పెళ్ళి తప్ప వేరే ముచ్చట లేదు. అక్క స్నేహితురాళ్ళు దోసిలి పట్టి నవ్వి ఆమెను ఏడిపించేవాళ్ళు. అక్క కోప్పడేది గానీ ఆ కోపం నమ్మదగింది కాదు.

అమ్మ ఒక్కతే గట్టిగా అడిగింది. మా వైపు పిల్లనిచ్చే ముందు ఆ ఊరికి పోయి, ఇల్లూ వాకిలీ చూసి, బావి నీళ్ళు తాగి రావడం ఆనవాయితీ.

"ఒకసారి పోయి ఆ ఊరి నీళ్ళు తాగి రా. నీళ్ళు మంచియైతే మనుషులూ మంచోళ్ళే అయ్యుంటారు" అంది.

"చూసినాం గదా, ఊరంతా కూచొని చూసినాం. మళ్ళా ఏంది చూసేది?" అన్నాడు నాయన.

దుక్కుల రోజులు కావడం ఒకటి, పొదిలి మీదుగా అంత దూరం బస్సులు మారి పోవడం ఒకటి, ఆయనకు సాకులు దొరికాయి. వాళ్ళ పెద్దలు వచ్చినప్పుడు గొర్రెల మాట వచ్చింది, చుట్టరికాల మాట వచ్చింది. నీళ్ళ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. మేము చూసిందే గదా అని మేము అడగలేదు. ఆ సీమలో నీళ్ళుండవని లోకమంతటికీ తెలిసిందే గదా అని వాళ్ళు చెప్పలేదు.

పెళ్ళయ్యాక అక్కకు తోడుగా నన్ను పంపారు. కంభం దగ్గర బస్సు దిగి బండిలో పోతుంటే కొండలు ఒక్కొక్కటే కనబడి, అవే ఇవి అని నేను అక్కను మోచేత్తో పొడిచాను. కొండలు నిజమే. ఇంటి ముందర బండి ఆగితే అక్క అత్తగారు కాళ్ళకు నీళ్ళిచ్చింది. చిన్న చెంబుతో ఇద్దరికీ కలిపి, అవీ సగం. మా ఇంట్లో కోడిపిల్లకు కూడా అంతకంటే ఎక్కువే పోస్తాం అనుకున్నాను. ఆ మరుసటి పొద్దున్నే నేను బావ వెంటపడి పైపు చూపించమన్నాను.

"ఏ పైపు పాపా?" అన్నాడు.

బొమ్మలో పైపు, ఇంజన్, దోసిలి అన్నీ చెప్పాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను చేను దగ్గరికి తీసుకుపోయి బావి చూపించాడు. రాతిని తొలిచిన లోతైన గుంట, అడుగున ఆకుపచ్చటి మడుగు. కంపెనీ వాళ్ళు కొండలు బాగున్నాయని లారీలో ఇంజన్ తెచ్చి గట్టున పెట్టి, తలపాగా వాళ్ళే చుట్టి, దోసిలి పట్టి నవ్వమన్నారట. నవ్వాడట. మళ్ళీ ఇంజన్ లారీకెత్తుకుని కంభం చెరువు కింది తోటలవైపు పోయారట. వాళ్ళు అక్కడేం తీశారో, దీన్ని దేనికి కలిపారో ఆయన ఎరగడు. ఆ బొమ్మ ఆయన చూడనే లేదు. వాళ్ళ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఇంజన్ కొనేవాళ్ళు లేని ఊరికి ఆ బండి ఎందుకు వస్తుంది?

నేను ఇంటికి తిరిగి వచ్చి చెబితే నాయన నమ్మలేదు. నమ్మనట్టు ఉన్నాడే గాని, దుక్కులు వదిలి ఆ వారమే బయలుదేరాడు. బావిగట్టున నిలబడి ఒక రాయి వేసి చూశాడట. తర్వాత ఇంటికి వచ్చి, వియ్యంకుల ఎదుటే, బట్టలు సర్దుకోమని అక్కతో అన్నాడు. ఈ మాటలు అక్కే నాకు తర్వాత చెప్పింది.

"ఆయనేం జేసినాడు నాయనా? నిలబడమంటే నిలబడినాడు, నవ్వమంటే నవ్వినాడు. చూసింది మనం, అనుకున్నది మనం. నేను రాను" అందట.

నాయన అన్నం ముట్టకుండా తిరిగి వచ్చాడు. అమ్మ ఒక్క మాట అనలేదు. అని ఉంటేనే ఆయనకు బాగుండేదేమో.

అక్క అక్కడ నీళ్ళు మోసింది. కడుపుతో ఉన్నప్పుడూ, పిల్ల పాలు తాగే రోజుల్లోనూ, కొండవార ఊటకుంట నుంచి కడవ మీద కడవ పెట్టుకుని మోసింది. మా ఊళ్ళో నీళ్ళ బిందె ఎత్తాలంటే గారాలు పోయిన మనిషి. వరసగా వానలు తప్పి గొర్రెలు అమ్ముకోవలసి వచ్చాక, అందరిలాగే వాళ్ళూ మార్కాపురం చేరారు. బావ పలకల గనిలో రాయి చీల్చే పనికీ, అక్క పలకలు నునుపు చేసే పనికీ కుదిరారు. నన్ను పై చదువుకు వాళ్ళింట్లోనే పెట్టారు. నేను టీచరునయ్యానంటే అది అక్క పెట్టిన అన్నమే. వాళ్ళిద్దరూ ఒకరినొకరు నొప్పించుకోగా నేను చూడలేదు. ఈ మాట చెప్పకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను.

ఆ మార్కాపురంలో ఒక సాయంత్రం పశువుల సంత విడిచిన మైదానంలో బొమ్మ వేస్తున్నారంటే, పిల్లను పొరుగింట్లో వదిలి ముగ్గురం పోయాం. వాడి వాడి గీతలు పడిపోయిన అదే బొమ్మ. అవే కొండలు కనిపించగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. బావ మొదటిసారిగా తెరమీద తన్ను తాను చూసుకున్నాడు. దోసిట్లో నీళ్ళు పడగానే అక్క మెల్లిగా అంది.

"ఆ చేతులు నీయి కాదు."

బావ ఎడమ చిటికెనవేలు చిన్నప్పుడు విరిగి వంకరగా అతికింది. తెరమీద చేతులకు ఆ వంకర లేదు. మా ఊరంతా చూసి, నాయన చూసి, నేను చూసి, ఎవరికీ పట్టుబడనిది ఆమె ఒక్క చూపులో పట్టుకుంది. ఎందుకంటే ఆ చేతులు తెలిసింది ఆమె ఒక్కతికే. పెళ్ళికి ముందు తెలిసే వీలు లేదు గదా.

మా పక్కన సంతకు వచ్చిన రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎద్దులనమ్మి అయినా ఆ ఇంజన్ తెచ్చుకోవాలని తోటివాళ్ళతో అంటున్నాడు. బావ మామూలుగా ఎవరి జోలికీ పోయేవాడు కాదు. ఆరోజు ఆయన వైపు తిరిగాడు.

"మామా, ఆ బొమ్మలో ఉండేది నేనే. ఆ బావిలో నీళ్ళు లేవు. ముందు నీ బావి సంగతి చూసుకో."

ఆయన బావను పైనుంచి కిందికి చూశాడు. గనిలోంచి వచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కున్నా, పలకల దుమ్ము జుట్టులోనూ కనురెప్పల మీదా బూడిదలాగా ఉండేది.

"ఆ పిల్లోడు చూడు ఎట్ల ఉండాడో. నువ్వేందయ్యా, నువ్వు ఆయనంటావు?" అన్నాడు, కోపంగా కాదు, జాలిగానే.

అక్క కల్పించుకుని నిజమేనని చెప్పింది. నేనూ చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎదురుగా మనిషి ఉండగా, ఆ మనిషి మాట కంటే గుడ్డమీద ఆడుతున్న ఆ మనిషి బొమ్మే వాళ్ళకు నిజమైంది. ఇంటికి నడిచి వస్తూ దారిలో బావ, తను నిజంగా అట్లా నవ్వేవాడా అని అక్కను అడిగాడు. ఆ రైతు ఎద్దులను అమ్మాడో లేదో మాకు తెలియదు.

కొన్నేళ్ళకు సాగర్ కాలువ నీళ్ళు మా దర్శి ప్రాంతానికి వచ్చాయి. ఊరంతా డప్పులు కొట్టుకుంటూ ఎదురుపోతే మా నాయన ఇంట్లోనే ఉన్నాడు. చేతికందిన నీళ్ళను కూడా ఆయన చేలోకి తిప్పుకోలేదు; మార్కాపురానికి మనిషిని పంపి అక్కను పిలిపించాడు. ఆమె వచ్చిందాకా ఆగి, కాలువ దగ్గరికి తీసుకుపోయి, "ముందు నువ్వు దిగమ్మా" అన్నాడు. అక్క చీరె కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడింది. నాయన గట్టున కూర్చుని తలగుడ్డతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆయన క్షమించమని అడగలేదు, ఆమె ఫరవాలేదని అనలేదు. ఆ తరంవాళ్ళకు అట్లాంటి మాటలు లేవు. తర్వాతే మా చేలకు నీళ్ళు తిప్పారు.

నాయన పోయాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి బావ కాలం తీరకుండానే పోయాడు. అక్క పోయి కూడా చాలా ఏళ్ళయింది. ప్రచారం బండ్లు ఎప్పుడు రావడం మానేశాయో నేను గమనించనే లేదు. మా మనుమరాలికి ఆ మోసాలన్నిటికీ పేర్లు తెలుసు, మాకు పేర్లు తెలియవు. అది మంచి మార్పే, కాదనను. కానీ ఒకటి తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. ఆ రోజుల్లో అబద్ధాన్ని కూడా పదిమందిమి ఒకచోట కూర్చునే చూసేవాళ్ళం. పక్కనే, భుజం తగిలేంత దగ్గరలో, అది నిజం కాదని చెప్పగలిగిన మనిషి కూర్చుని ఉండే అవకాశం ఉండేది. నమ్మారా లేదా అన్నది వేరే సంగతి, చెప్పేవాడంటూ ఒకడుండేవాడు. ఇప్పుడు ఎవరి బొమ్మ వాళ్ళ అరచేతిలోనే ఆడుతోంది, ఒక్కొక్కరం ఒక్కో మూల కూర్చుని చూసుకుంటున్నాం. మామా, ఆ బావిలో నీళ్ళు లేవు అని చెప్పడానికి పక్కన ఎవరున్నారు?