సేటు ఫుట్‌బాల్ టీమ్

మా సేటుకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆట మాత్రం తెలియదు. ఆయన టీమ్‌కు నేను రెండు సీజన్లు కోచ్‌గా పనిచేశాను.

అంతకు ముందు నేను నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ బడుల్లో డ్రిల్లు మాస్టర్ని. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు రిటైరై నందికొండ హిల్ కాలనీలో స్థిరపడ్డాను. పక్కనున్న డ్యామ్ కట్టే రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పనివాళ్లు అక్కడ ఫుట్‌బాల్ ఆడేవారట. వాళ్లు వెళ్లిపోయారు, గ్రౌండ్ మిగిలింది. గడ్డి లేదు, అంతా ఎర్రమొరమే. పొద్దున్నే కాలనీ కుర్రాళ్లను అక్కడ ఆడించేవాణ్ని. పడితే మోకాళ్లు చెక్కుకుపోతాయి కాబట్టి మా వాళ్లు పడకుండా ఆడటం నేర్చుకున్నారు. నేను వాళ్లకు నేర్పిన వాటికంటే ఆ మొరం నేర్పిందే ఎక్కువ.

సేటుకు హాలియాలో రైస్ మిల్లు ఉండేది, ఇల్లు మా కాలనీకి కింద. డాక్టరు షుగర్ ఉందని చెప్పి పొద్దున్నే నడవమన్నాడు. వారం రోజులు మా గ్రౌండ్ చుట్టూ నడిచాడు. ఎనిమిదో రోజు ఆగి నన్ను అడిగాడు.

"సారూ, వీళ్లు పొద్దుగాల్నే గింత ఉరుకుతున్నరు. వీళ్ల ఎనక ఎవ్వరు లేరా?"

లేరని చెప్పాను.

"ఇగ నేనున్న," అన్నాడు.

అట్లా మాది జీతాల జట్టు అయింది. లీగ్‌లో రెండో అంచెలో పేరు నమోదైంది. కొత్త బూట్లు వచ్చాయి, మ్యాచ్‌లకు పోవడానికి బస్సు వచ్చింది. వీటితో పాటు సేటు కూడా వచ్చాడు. మ్యాచ్ రోజు నా పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. ఆయన పక్కన ఇంకో కుర్చీలో ఆయన బామ్మర్ది. ఆ బామ్మర్ది ప్లాట్లు అమ్మే వ్యాపారి. జట్టులో సగం ఆయనదట. ఏ సగమో మాకు చివరిదాకా తెలియలేదు.

మొదటి మ్యాచ్‌కు గంట ముందు సేటు మటన్, జొన్నరొట్టె తెప్పించాడు. నేను మెల్లగా, "ఆట అయినంక తింటరు సేటూ," అన్నాను.

"ఖాళీ కడుపుతోని ఎట్ల ఉరుకుతరు సారూ? మిల్లుల హమాలీలకు గూడ ముందుగాల తిండి పెట్టి పనికి పంపిస్త," అన్నాడు.

అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడు. అందరూ తిన్నారు. మొదటి సగంలో మెల్లగా నడిచారు, రెండో సగంలో ముగ్గురు గీత బయటికి పోయి కక్కుకున్నారు. నాలుగు గోల్స్‌తో ఓడాం. సేటు చాలాసేపు ఆలోచించి, వచ్చేసారి చికెన్ పెడదామన్నాడు.

బామ్మర్ది చూపు వాస్తు మీద ఉండేది. మా గ్రౌండ్‌లో ఒక గోల్ ఉత్తరాన, ఒకటి దక్షిణాన. ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"దక్షిణం గోల్ మంచిది గాదు సారూ. మనోళ్లు ఉత్తరం గోల్ దగ్గర్నే ఉండాలె."

"ఉంటరు. కని సగం ఆట అయినంక దిక్కులు మారుతరు," అన్నాను.

"మారొద్దని చెప్పుండ్రి."

ఇది రిఫరీకి చెప్పాల్సిన మాట అని వివరించాను. ఆయన నిజంగానే పోయి రిఫరీకి చెప్పాడు. రిఫరీ ఏమన్నాడో నాకు వినబడలేదు కాని, బామ్మర్ది తిరిగి వచ్చి చాలాసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇవన్నీ ఉన్నా ఆ మొదటి ఏడు మేము కింది అంచెకు పడిపోలేదు. దానికి కారణం మా గోల్‌కీపర్. మక్తల్ వైపు మనిషి. ముప్పై ఏళ్లు దాటాయి. వాళ్ల అమ్మానాన్నలు బొంబాయిలో, పుణెలో కట్టడం పనులకు తిరిగినవాళ్లు. ఇతను ఆ సైట్ల పక్కన బంతి ఆడుతూ పెరిగాడు. మాటలు తక్కువ. బంతి ఎటు పోతుందో కొట్టేవాడి కంటే ముందు ఇతనికి తెలిసేది. అందుకని దూకాల్సిన పని పెద్దగా ఉండేది కాదు. రెండడుగులు జరిగి పట్టుకునేవాడు.

సేటుకు నచ్చనిది అదే.

"అందరు చెమటలు కక్కుతున్నరు, ఈయన నిలవడే ఉంటడు. ఈయనను గూడ జర ఉరికియ్యండ్రి సారూ," అనేవాడు.

నేను నవ్వి ఊరుకునేవాణ్ని. ఊరుకోవడం నాకు సర్వీసులో అలవాటైన విద్య. ముప్పై ఏళ్లు హెడ్మాస్టర్ల ముందు ఊరుకున్నాను.

రెండో ఏడు మధ్యలో ఒక మ్యాచ్. సున్నా సున్నా మీద నడుస్తోంది. ఆఖరి నిమిషంలో మాకు కార్నర్ వచ్చింది. సేటు కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ నోటికి పెట్టుకుని, "గోలీ! నువ్వు గూడ పో! ముందుకు పో!" అని అరిచాడు. గోల్‌కీపర్ నా వైపు చూశాడు. నేను బూటు లేసు చూసుకుంటున్నాను. అతను అవతలి గోల్ దాకా పరుగెత్తాడు. బంతి వచ్చి అతని తలకు తగిలి లోపల పడింది.

గెలిచాం. సేటు గ్రౌండ్‌లోకి ఉరికి అతణ్ని ఎత్తుకోబోయాడు. నడుం పట్టేసింది. అయినా ఆ సాయంత్రం అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. ఇంటికి వచ్చి నా భార్యతో గెలిచామని చెప్తే, "మరి మొహం గట్లెందుకు పెట్టినవ్?" అని అడిగింది. ఇక మాకు గెలిచే రోజులు అయిపోయాయని ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియలేదు.

తర్వాతి మ్యాచ్‌లో ప్రతి కార్నర్‌కూ గోల్‌కీపర్ ముందుకు పోవాలని సేటు హుకుం. అది ఎత్తుగడ అన్నాడు. ఏడు కార్నర్లు వచ్చాయి. ఏడుసార్లు పోయాడు. మూడుసార్లు అవతలివాళ్లు బంతిని ఖాళీ గోల్‌లోకి కొట్టారు. మూడోసారి కొట్టినవాడు మొహమాటంగా నవ్వాడు కూడా.

మర్నాడు బామ్మర్ది కొత్త గోల్‌కీపర్ని తెచ్చాడు. ఆయన వెంచర్ గేటు దగ్గర కాపలా మనిషి. ఆరడుగులు దాటి ఉన్నాడు. ఎప్పుడైనా గోల్ ఆపావా అని అడిగితే, "బండ్లు ఆపిన సార్," అన్నాడు నిజాయితీగా.

జట్టు కాగితం మీద సంతకం నాదే. కొత్తవాడి పేరు రాసి, పాతవాణ్ని బెంచి మీద పెట్టి, సంతకం చేశాను. నన్ను ఎవరూ చెయ్యి పట్టి రాయించలేదు. గోల్‌కీపర్ కాగితం చదివి, గ్లవుజులు విప్పి నా ముందు పెట్టాడు.

"సార్, ముందుకు పొమ్మంటె పోయిన. మీరు ఒద్దంటె ఆగుదు. మీరు ఏం అనకపోతిరి," అన్నాడు.

ఆ సాయంత్రం బస్సుకే ఊరికి వెళ్లిపోయాడు.

కొత్తవాడు మంచివాడు, పాపం. ఐదు మ్యాచ్‌లు ఆడాడు, ఐదూ ఓడాం. ఆఖరి మ్యాచ్ మిగిలింది. అది గెలిచి, మాకంటే ఒక మెట్టు పైనున్న జట్టు ఓడిపోతేనే రెండో అంచెలో ఉంటాం. ఆ వారం నేను ఎవరికీ చెప్పకుండా మక్తల్ బస్సెక్కాను.

అతను మార్కెట్ యార్డులో కందుల బస్తాలు మోస్తున్నాడు. నన్ను చూసి, బస్తా దించి, తువ్వాలతో మొహం తుడుచుకుని చాయ్ తాగించాడు. ఎందుకొచ్చానో చెప్పాను.

"వస్త సార్. కని సేటు గ్రౌండ్ల ఉండొద్దు. ఆటల ఒక్కరి మాటే వినొస్తది నాకు."

"సరే, నేను చెప్త," అన్నాను.

"ఇప్పుడే చెప్పుండ్రి."

అక్కడే ఫోన్ చేశాను. సేటు ఎత్తాడు. మిల్లు ఎట్లా నడుస్తోందని అడిగాను. షుగర్ ఎంతుందని అడిగాను. ఎండల గురించి కూడా మాట్లాడాను. గోల్‌కీపర్ కాసేపు చూసి, నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"సేటూ, నేను గోల్‌కీపర్ని. ఆఖరి మ్యాచ్ ఆడుత. మీరు గ్రౌండ్ల ఉంటె నాకు కాళ్లు ఆడయి. జర బైట ఉండుండ్రి."

నేను చాయ్ గ్లాసులోకి చూస్తున్నాను.

"తిన్నవా?" అని వినబడింది.

"తిన్న."

"మంచిది. కార్ల కూసుంట తియ్యి."

అంతే. రెండేళ్లుగా నేను మోసిన బరువు అది. అతను బస్తా దించినట్టు దించాడు.

మ్యాచ్ రోజు సేటు మాట తప్పలేదు. గోడ బయట కారు ఆపుకుని, తన అరుపు లోపలికి వినబడకుండా అద్దాలు ఎత్తి కూర్చున్నాడు. బామ్మర్ది ఏదో పెళ్లి ఉందని రాలేదు. మా వాళ్లు పొద్దున రెండేసి అరటిపళ్లు మాత్రమే తిన్నారు. మొదటిసారి నా పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నాకు గొంతు ఉందని ఆ రోజు మా ఆటగాళ్లకు తెలిసింది. నేనూ అప్పుడే తెలుసుకున్నాననాలి. గోల్‌కీపర్ తన గీత దాటలేదు, రెండడుగులు అటూ ఇటూ జరిగి అన్నీ పట్టుకున్నాడు. ఒకటి సున్నాతో గెలిచాం.

అయితే అవతలి గ్రౌండ్‌లో ఆ పై జట్టు కూడా గెలిచింది. అది ఓడిపోలేదు కాబట్టి మేము కిందికి పడ్డాం.

కారు దగ్గరికి పోయి అద్దం తట్టాను. సేటు చొక్కా అంతా తడిసిపోయి ఉంది. ఏసీ వేసుకోలేదట, వేసుకుంటే అరుపులు వినబడవని.

"గెలిచినమా?"

"గెలిచినం. కని లాభం లేదు సేటూ. కిందికి పడ్డం."

ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టాడు.

"ఎవరికన్న దెబ్బ తాకిందా?"

"లేదు."

"అంటే నేను లేకుంటె గెలుస్తరు."

"గట్లేం లేదు," అన్నాను అలవాటు కొద్దీ.

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు, అడగాలని అడుగుతున్నాడంతే.

"సారూ, నాకు ఆట తెల్వది. తెల్వదనే మిమ్మల్ని పెట్టుకున్న. రెండేండ్లల్ల ఒక్కసారన్న, సేటూ గిది తప్పు అని చెప్పిన్రా?"

ఆటగాళ్లు బస్సులో కూర్చున్నారని చెప్పి వచ్చేశాను.

మరుసటి ఏడు సీజన్ మొదలయ్యేసరికి జట్టు లేదు. బామ్మర్ది తన సగం తీసేసుకున్నానని అందరితో చెప్పాడు. సేటు కొన్నాళ్లు ఒక్కడే నెట్టుకొచ్చి చాలించాడు. జట్టు ఎత్తేస్తూ ఆటగాళ్లందరికీ తలా ఒక బస్తా సన్నబియ్యం ఇంటికి పంపాడు, నాకు రెండు. ఆ బియ్యం మా ఇంట్లో చాలా రోజులు వచ్చింది. అన్నం బాగుండేది. గోల్‌కీపర్ ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. పోయిన నెల ఫోన్ చేసి, ఆ బడి యజమాని తన కొడుకును కెప్టెన్ చెయ్యమన్నాడని చెప్పాడు.

"ఏమన్నవ్?" అని అడిగాను.

"ఒద్దన్న సార్," అన్నాడు. "నిన్నటి సంది ఆయన నాతోని మాట్లాడ్తలేడు. పిల్లలు మంచిగ ఆడుతున్నరు."