డాబా మీద కట్టిన కాకి

నా చిన్నప్పుడు ఆడిన బేరాల్లో నేను గెలిచినవే ఎక్కువని మనవలకు గొప్పలు చెబుతుంటాను. ఓడిన బేరం ఒకటుంది, అది మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. ఎనభై దాటాక ఇంకా దాచుకుని చేసేదేముంది!

మాచర్లలో మాది కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, పైన నాపరాళ్ళు పరిచిన డాబా. ఎండాకాలం వస్తే మా నాయనమ్మ ఆ డాబా మీద పాత పంచెలు తడిపి పరిచి, మినప వడియాలు పెట్టేది. ఇంట్లోకీ అవే, కొట్లో అమ్మకానికీ అవే. కాకుల కాపలా నాది. తొమ్మిదేళ్ళదాన్ని. నెత్తిన తడిగుడ్డ, చేతిలో కర్ర. పొద్దెక్కిన దగ్గర్నుంచి వడియాలు గలగలమనేదాకా కదలడానికి లేదు. పక్కింటి అరుగు మీద అక్కావాళ్ళు ఆడే గచ్చకాయల చప్పుడు పైదాకా వినపడి ప్రాణం లాగేసేది.

ఆ ఏడు బజారులో ఒకటే మాట. మా చుట్టుపక్కల పల్లెలో పొలం గట్టు తగాదాలో ఒకడు ఇంకొకణ్ణి గొడ్డలితో నరికాడు. గుంటూరు కోర్టు ఉరిశిక్ష వేసింది, మద్రాసు హైకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఆ ఉరి పడ్డవాడి తల్లి ఏళ్ళ తరబడి మా కొట్టుకు చింతపండు తెచ్చి అమ్మే మనిషి. ఇప్పుడు చింతపండు బుట్ట లేదు, కొంగున మడిచిన అర్జీ కాగితం ఉంది. ఉరి తప్పించి యావజ్జీవం వెయ్యమని గవర్నరు దొరకు పెట్టుకునే అర్జీ. పేరున్న వర్తకులు సంతకాలు చేస్తే బలం ఉంటుందని వకీలు చెప్పాడట. ఆ వారంలోగా కాగితం గుంటూరు చేరాలి.

మా తాతయ్య ఆమెను రెండుసార్లు మళ్ళీ రమ్మని పంపేశాడు. చచ్చిపోయినవాడి మనుషులు కూడా మా కొట్లోనే ఉప్పూ పప్పూ కొనేవాళ్ళు మరి. పైగా ఎదురుగా ఉన్న బట్టల కొట్టు మామయ్య రోజూ వచ్చి కూర్చుని, ఒక్కణ్ణి ఉరి తీస్తే పదేళ్ళపాటు పల్నాడులో గొడ్డలి కట్టెలు కొట్టడానికే లేస్తుందని చెప్పేవాడు. తాతయ్య ఔననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. వక్క నములుతూ కూర్చునేవాడు.

ఆ మాటలు విని విని నా బుర్రకో ఉపాయం తట్టింది. ఎండదెబ్బకు దొడ్లో ఒక కాకి చచ్చిపడి ఉంది. దాన్ని డాబా చివర నిలబెట్టిన వాసానికి కట్టి వేలాడదీస్తే తక్కిన కాకులు భయపడి రావు, నా కాపలా అక్కర్లేదు అని తాతయ్యతో బేరం పెట్టాను. చచ్చిన కాకి ఇంటి మీదేందని నాయనమ్మ గోల చేసింది. తాతయ్య మాత్రం మూడు రోజులు చూద్దామన్నాడు. కాకి పనిచేస్తే ఎండాకాలమంతా నాకు సెలవు. పనిచెయ్యకపోతే మళ్ళీ కాపలా, దానితోపాటు అప్పడాల పిండి దంచడం కూడా. మూటలు మోసే మనిషి కాకిని కట్టాడు. నేను దాన్ని ముట్టుకోకపోయినా నాయనమ్మ నాకు తలంటు పోసింది.

రెండు రోజులు నేను రాణిని. ఊళ్ళో కాకులన్నీ చేరి అరిచి గోల చేశాయి గానీ, ఒక్కటీ వాలలేదు. బట్టల కొట్టు మామయ్య నన్ను తెగ మెచ్చుకున్నాడు. మూడో రోజు పొద్దున ఒక కాకి పిట్టగోడ మీద వాలి, వేలాడుతున్నదాన్ని కాసేపు చూసి, దిగి వడియం ఎత్తుకుపోయింది. వెనకాలే నాలుగు. బేరం పోతుంది! మెట్ల గదిలో నక్కి, గులకరాళ్ళు ఏరుకుని, కాకి వాలినప్పుడల్లా విసరడం మొదలుపెట్టాను. సెలవు కోసం బేరమాడినదాన్ని, పాత కాపలానే దొంగతనంగా కాస్తున్నాను. అంత తెలివిగలదాన్ని.

ఆ మధ్యాహ్నమే ఆ తల్లి మూడోసారి వచ్చింది. కింద నుంచి తాతయ్య కేకేసి, ఏమే, కాకులు వస్తున్నాయా అని అడిగాడు. ఒక్కటి కూడా రావట్లేదని పైనుంచే అరిచి కిందికి దిగాను. బట్టల కొట్టు మామయ్య తొడ మీద చరుచుకుని, చూశారా, నోరులేని కాకికే బుద్ధి వచ్చిందంటే మనిషికి రాదా అన్నాడు. ఆమె ముందే అన్నాడు. నాకు ఆ క్షణాన గచ్చకాయలు గుర్తు రాలేదు.

ఆమె నావైపు చూసి మెల్లగా అడిగింది: "చంపి కట్టారా తల్లీ, చచ్చినదాన్ని కట్టారా?"

చచ్చినదాన్నే అన్నాను. "పోన్లే" అంది.

తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బెల్లం ముక్క ఇచ్చాడు. తినడం అయ్యాక కూడా లేవనివ్వలేదు. నేను మెట్ల వైపు చూస్తూనే ఉన్నాను, ఆయన నన్ను చూస్తూనే ఉన్నాడు. చాలాసేపటికి చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు. పంచెల మీద నల్లగా కాకులు. ఒకటైతే ఆ కట్టిన వాసం మీదే కూర్చుని వడియం కొరుకుతోంది.

ఆయన కోప్పడలేదు. వంగి ఒక గులకరాయి తీసి నా చేతిలో పెట్టాడు.

"పొద్దుట్నించి కొట్లోకి చప్పుడు వినపడతానే ఉందే. కాకుల్ని ఆపింది ఆ కాకి కాదు, నువ్వు."

కిందికి దిగి, అర్జీ మీద సంతకం చేశాడు. చచ్చినవాడి మనుషులు మా కొట్టు గడప తొక్కడం మానేశారు.

అర్జీ పనిచెయ్యలేదు. వానలు పడకముందే రాజమండ్రిలో ఉరి తీశారు. మరుసటి ఏడు అదే పల్లెలో ఇంకో గొడ్డలి లేచింది. ఎత్తినవాడికి ఆ ఉరి సంగతి తెలియక కాదు, ఉరి తీసినవాడి శవం వచ్చిన రోజున బండి దగ్గర నిలబడినవాడే. ఆ ఒక్క ఉరైనా లేకపోతే ఇంకెన్ని జరిగేవోనన్నాడు బట్టల కొట్టు మామయ్య. జరగనివాటిని ఆయనా చూపించలేడు, నేనూ చూపించలేను. ఆ తల్లి మాత్రం మళ్ళీ చింతపండు తెచ్చింది. ఎన్నేళ్ళు తెచ్చినా నేను ఆమె దగ్గర బేరమాడలేకపోయాను.

ఇప్పుడు పేపరు చదివి మా మనవలు, ఒక్కణ్ణి ఉరి తీస్తే దేశం బాగుపడుతుందంటారు. వాళ్ళతో వాదించే ఓపిక లేదు. సరే, డాబా మీద కాపలా ఎవరున్నార్రా అని మాత్రం అడుగుతాను. ముసలిదానికి మతి తప్పిందని నవ్వుకుంటారు. చంపి కట్టారా అని ఆ తల్లి నన్ను అడిగిన మాట మాత్రం వాళ్ళని అడగను. అది ఇన్నేళ్ళూ నా ఒక్కదాని దగ్గరే ఉంది.