వెలుతురు చూసుకోవడానికి

నా దగ్గర నాలుగు నోటుబుక్కులున్నాయి. ఎక్కడ కెమెరా బయటికి తీసినా ముందు అందులో ఒక వరస రాస్తాను. తేదీ, చోటు, గంట, ఎంత దూరం నుంచి, కెమెరా కన్ను ఎంత తెరిచాను, ఎంతసేపు తెరిచాను. ఆఖరి గడిలో చిన్న 'ప' ఉంటే అది పరీక్ష అని గుర్తు. అంటే అసలు ఫోటోలు మొదలుపెట్టకముందు వెలుతురు సరిచూసుకోవడానికి తీసినది. అలాంటివి ఉంచుకోను. కొలత రాసుకుని చెరిపేస్తాను. ఏడేళ్లలో 'ప' ఉన్న వరసలు రెండు వందల పద్నాలుగు. ఆ రెండు వందల పద్నాలుగు సార్లూ నా కెమెరా ముందు నిలబడింది ఒక్క మనిషే.

నేను రాయపూర్ దగ్గర ఉక్కు ప్లాంటు స్టోర్సులో సరుకు లెక్క చూస్తాను. ఇంటర్ మధ్యలో మానేసి ఉద్యోగంలో చేరిపోయాను. లెక్కలు ఎవరూ చెప్పలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని లాగరిథం పట్టికల దాకా నాకు నేనే నేర్చుకున్నాను. పెళ్లి చేసుకోలేదు. సెక్టర్ 6 క్వార్టరులో అమ్మ ఉన్నంతకాలం ఇద్దరం, తరవాత ఒక్కణ్ని. ఆదివారం ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. బట్టలుతుక్కుని, కూర వండుకుని, పేపరు చివరి పేజీ దాకా చదివినా పదకొండే అయ్యేది. పడుకునే వేళకి ఇంకా పదకొండు గంటలు. నలభై ఆరో ఏట కెమెరా కొన్నది కళ మీద మోజుతో కాదు. ఆ పదకొండు గంటల కోసం.

కింది క్వార్టరులో ఉండే ఆయన శ్రీకాకుళం వైపు మనిషి. రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ని. మనిషి నలుపు. నలభై దాటాక ఎడమ చెంప మీదా పెదవుల చుట్టూ బొల్లి వచ్చి అక్కడంతా తెల్లబడిపోయింది. మందులు కొన్నాళ్లు వాడి మానేశాడు. దాని గురించి బాధపడగా నేను చూడలేదు. కానీ ఎవరైనా ఫోను పైకెత్తితే చాలు, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాడు. తప్పనిసరైతే వరస చివర నిలబడి, కుడి చెంప మాత్రం ఇటు తిప్పేవాడు.

ఒక ఆదివారం నేను సైకిలు దించుతుంటే మెట్ల మీద కూర్చుని, ఎక్కడికని అడిగాడు. రుఆబాంధా చివర చెరువుకి కొంగలొస్తున్నాయట, చూసొస్తానన్నాను. తనకీ ఇంట్లో తోచడం లేదని తన సైకిలు కూడా తీశాడు.

ఆ పూట ఎండ గట్టిగా ఉంది. కొంగలు తెల్లగా మెరుస్తున్నాయి. వెనక గట్టు నల్లగా ఉంది. గట్టు కనపడేటట్టు పెడితే కొంగ సున్నపు మరకలా వస్తోంది. కొంగకి సరిపెడితే గట్టు లేదు. నేను గట్టున కూర్చుని కాగితం మీద లెక్క వేస్తుంటే అన్న కాసేపు చూశాడు.

"ఇంత లెక్కెందుకు తమ్ముడూ? నలుపూ తెలుపూ రెండూ నా మొఖమ్మీదే ఉన్నాయి కదేటి. నన్ను తీసి సూసుకో."

తనే వెళ్లి తొమ్మిదడుగుల దూరంలో ఎండకి ఎదురుగా నిలబడ్డాడు. నేను కెమెరా ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది లెక్కలోకి రాదు కదా?"

"రాదన్నా. చూసుకుని చెరిపేస్తాను."

"చెరిపెయ్యాల మరి."

చెయ్యి దించాడు. తెల్ల చెంప మీద ముడతలు పోకుండా, నల్ల చెంప మీద గడ్డపు మొలకలు పోకుండా రెండూ కనిపించేదాకా సరిచేసుకున్నాను. ఆ కొలతతో కొంగని తీస్తే రెక్కలో ఈకలు విడివిడిగా వచ్చాయి. నేను పుస్తకాల్లో చదివిన ఏ పద్ధతీ అంత బాగా కుదరలేదు. ఇంటికి రాగానే మాట ప్రకారం అన్న ఫోటో చెరిపేశాను.

అప్పట్నుంచి అదే పద్ధతి. మా తెలుగువాళ్ల ఇళ్లలో బారసాలలకీ, పెళ్లిళ్లకీ, రిటైర్మెంటు సన్మానాలకీ నన్ను పిలవడం మొదలుపెట్టారు. నేను వెళితే అన్న కూడా వచ్చేవాడు. పెళ్లికొడుకు రాకముందే మండపంలోకి వెళ్లి ఆ కుర్చీలో కూర్చునేవాడు. ఆడవాళ్లు ఏడిపించేవారు. "ఏటి మావా, మళ్లీ పెళ్లా?" అని ఒకావిడ అంటే, కుర్చీ గట్టిగుందో లేదో చూస్తున్నాననీ, రేపు పెళ్లికొడుకు పడిపోతే తన మీదికే వస్తారనీ జవాబిచ్చాడు. నా వేలు మీట మీద పడుతుండగానే ప్రతిసారీ ఒకటే మాట. "అయిపోనాదా?" అయిందంటే లేచి వెళ్లి ఆఖరి వరసలో కూర్చునేవాడు. నా పని అయ్యేదాకా అక్కడే ఉండేవాడు. తిరిగొచ్చేటప్పుడు రెండు సైకిళ్లూ పక్కపక్కన వచ్చేవి. మాట్లాడుకున్నది తక్కువే. ఆయన ఇంట్లో సంగతులు నేనడగలేదు, నా ఇంట్లో సంగతులంటూ లేవు.

రెండేళ్ల కిందట రాయపూర్‌లో ఫోటోగ్రఫీ శిక్షణలో చేరాను. పన్నెండు ఆదివారాలు. పొద్దున్న లోకల్ రైల్లో కుమ్హారి మీదుగా వెళ్లి సాయంత్రానికి వచ్చేసేవాణ్ని. క్లాసులో అందరూ నా వయసులో సగం. చెప్పే ఆవిడ పూర్వం పత్రికలకి ఫోటోలు తీసిన మనిషి. ఒకసారి, ఏదైనా వేడుక తీసి కెమెరా కార్డు ఉన్నదున్నట్టు పట్టుకురమ్మంది. ఒక్కటి కూడా చెరపకూడదని షరతు. అందుకని ఆ వారం ఒక బారసాలలో తీసిన నూట ఇరవై ఆరూ తీసుకెళ్లాను.

ఆవిడ అన్నీ తన కంప్యూటర్లోకి ఎక్కించుకుని, గోడ మీద వేసి గబగబా చూపించుకుంటూ పోయింది. చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి మొదటి ఫోటో దగ్గర ఆగింది. గోడంతా అన్న మొహం. ఊయల పక్కన నిలబడి సూటిగా చూస్తున్నాడు.

"యే కౌన్ హై?" ఇతనెవరని అడిగింది.

"కోయీ నహీ మేడమ్," అన్నాను. ఎవరూ కాదు, వెలుతురు చూసుకోవడానికి.

ఆవిడ ఆ మొహం కేసే చూస్తూ, హిందీలో మెల్లగా చెప్పింది. మిగతా నూట ఇరవై ఐదింట్లో వెలుతురు సరిగా ఉంది, గీతలు నిటారుగా ఉన్నాయి, తప్పు పట్టడానికేమీ లేదు. కానీ వాటిలో ఒక్కరూ మిమ్మల్ని చూడటం లేదు. మీరు మనుషుల్ని బస్తాలు లెక్కపెట్టినట్టు తీస్తున్నారు అంది. నా ఉద్యోగం ఏమిటో ఆవిడకి తెలియదు.

నాకు కోపం వచ్చింది. తిరుగు ప్రయాణంలో కెమెరా తెర మీద ఒక్కొక్కటే చూస్తూ, కళ్లు ఇటువైపు ఉన్నవి లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఆవిడ చెప్పింది తప్పని తేలినట్టే అనుకున్నాను.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చున్న అన్న, ఈ వారం ఏం చెప్పారని అడిగాడు. ఆదివారాలన్నీ రాయపూర్‌కే పోవడంతో ఆయన అలా మెట్ల మీద ఉండిపోతున్నాడని గమనించాను గానీ, దాని గురించి ఆలోచించలేదు. వెలుతురు సరిగ్గా ఉందన్నారని చెప్పాను.

"మరి? మొఖం ఎవులిది?" అన్నాడు.

ఈ చలికాలంలో ఒక పొద్దున అన్న పాలకని వెళ్లి బూత్ దగ్గరే కూలిపోయాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది.

నాలుగో రోజు వదిన నన్ను కిందికి పిలిపించింది. నాగపూర్ నుంచి వచ్చిన కొడుకు పక్కన కూర్చున్నాడు. పెద్దకార్యానికి ఫోటో కావాలి. కొడుకు ఫోనులో ఉన్నవన్నీ గుంపులో తీసినవి. అన్న మొహం చివర్న, పక్కకి తిరిగి, పప్పుగింజంత. పెద్దది చేయిస్తే చెదిరిపోయింది. స్టూడియో అతను పాత గేటుపాసు ఫోటోకి కంప్యూటర్లో కోటు తొడిగి ఇచ్చాడు. అది బల్ల మీద ఉంది. అందులో ఉన్నది పాతికేళ్ల కుర్రాడు, రెండు చెంపలూ నల్లగా.

"ఇరవయ్యేళ్ల నుంచి నాను సూస్తన్న మొఖం ఇదేటి?" అంది వదిన. "కోటెప్పుడేసినాడు? నీతోటే కదా తిరిగినాడు. నీ దగ్గర బోల్డుంటాయి. మంచిదొకటి సూసి ఇయ్యి."

చూస్తానన్నాను. లేవని చెప్పడానికి నోరు రాలేదు.

రెండు రోజులు, డ్యూటీ నుంచి రాగానే కూర్చుని, ఉన్నవన్నీ వెతికాను. పంతొమ్మిది వేల చిల్లర. ఒక పెళ్లి భోజనాల వరసలో మోచెయ్యి. ఒక సన్మానంలో వీపు. చెరువు గట్టున ఆయన సైకిలు. అంతే. చెరిపినవి వెనక్కి తెప్పించే మార్గం ఉందని చదివాను గానీ, ఆ కార్డుల మీదే ఎన్నోసార్లు తిరిగి తీశాను. నోటుబుక్కుల్లో మాత్రం అన్నీ ఉన్నాయి. ఏ రోజు ఏ వేళకి ఆయన మొహం మీద ఎంత వెలుతురు పడిందో రెండు వందల పద్నాలుగు సార్లు రాసిపెట్టుకున్నాను. చదువుకుంటూ పోతే ఒక్క అంకె కూడా తప్పు లేదు.

బారసాల వరస దగ్గరికొచ్చాక గుర్తొచ్చింది, ఆ ఫోటో నేను చెరపకముందే రాయపూర్‌లో ఆవిడ కార్డంతా తన కంప్యూటర్లోకి ఎక్కించుకుందని.

మర్నాడు సెలవు పెట్టి లోకల్ ఎక్కాను. ఆవిడకి నా పేరు గుర్తులేదు, నేనూ గుర్తులేను. ఊయల పక్కన నిలబడ్డ మనిషి అన్నాను. "వో దో రంగోంవాలా చెహరా?" అంటూ వెంటనే లేచింది. రెండు రంగుల మొహం. ఆ ఒక్క ఫోటో అట్టే పెట్టుకుని ప్రతి బ్యాచ్‌కీ చూపిస్తోందట. కంప్యూటర్ తెర మీదికి అన్న వచ్చాడు. ఎవరని ఆవిడ ఈసారి అడగలేదు. నేనే చెప్పాను, మా అన్న అని. "మేరే బడే భాయీ థే."

తిరుగు రైల్లో ఆ ఫోటో ఎక్కించిన పెన్‌డ్రైవ్ జేబులో ఉంది. కుమ్హారిలో రైలు చాలాసేపు ఆగింది. లెక్కలోకి రాదని నేనిచ్చిన మాట గుర్తొచ్చింది. రెండు వందల పదమూడు సార్లు నిలబెట్టుకున్న మాట ఈ ఒక్కసారి తప్పొచ్చా, అదీ పది మంది ముందు ఆయన మొహం నిండుగా పెట్టొచ్చా అన్నది ఎటూ తేలలేదు. వదిన చేతికిచ్చి ఆమె ఎలా అంటే అలా చేద్దామనుకున్నాను. అచ్చు వేయమని ఇస్తే స్టూడియో అతను, ఆ తెల్ల మచ్చ కలిపెయ్యమంటారా, రెండు నిమిషాల పని అన్నాడు. వద్దన్నాను.

వదిన ఫోటో ఒళ్లో పెట్టుకుని చూసింది. చెంప మీద వేలు పెట్టింది, తెల్లటి వైపు.

"నోరు తెరిసున్నాడు. ఏటంతన్నాడు?"

"అయిపోనాదా, అంటున్నాడు వదినా."

కొంచెం నవ్వింది. నవ్వి, ఇంకెన్ని ఉన్నాయని అడిగింది.

"ఇదొక్కటే," అన్నాను. ఇక దాచలేదు. "రెండొందల పద్నాలుగు సార్లు తీశాను. మిగతావన్నీ చెరిపేశాను. వెలుతురు చూసుకోడానికని తీసినవి. ఉంచనంటేనే నిలబడేవాడు."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. ఫోటో మీంచి చూపు తిప్పలేదు.

"అన్నిసార్లు నిలబడ్డాడా," అంది. "నా పక్కన పెళ్లినాడు నిలబడ్డాడు. మరి లేదు."

పెద్దకార్యం రోజు ఆ ఫోటోనే పెట్టారు. వచ్చినవాళ్లు కొందరు దాన్ని చూసి తలలు దించుకున్నారు, కొందరు దగ్గరికెళ్లి చూశారు. నేను కెమెరా పట్టుకెళ్లలేదు.

ఇప్పుడది కింది ఇంట్లో గుమ్మానికెదురుగా ఉంది. మొన్న ఆదివారం సైకిలు దించుతుంటే తలుపు తీసే ఉంది. కనిపించింది. చెరువు దగ్గరికి వెళ్లాను. కొంగలొచ్చాయి. కెమెరా తీసి, నోటుబుక్కు తెరిచి, తేదీ, చోటు, గంట రాశాను. నా అరచెయ్యి ఎండకి పెట్టి కొలిచాను. అది ఒకటే రంగు. తొమ్మిదడుగుల దగ్గర, అన్న నిలబడే చోట, గడ్డి ఉంది. మిగతా గళ్లు నింపలేదు. ఇంటికొచ్చి గడియారం చూస్తే ఇంకా పదకొండు కాలేదు.