గుప్పెట్లో పట్టే సంచి

సర్రుమని లాగేసరికి చిన్న జేబులోంచి సంచి మొత్తం బయటికి వచ్చింది. పల్చటి నైలాను గుడ్డ చేసే గరగర చప్పుడూ, కొత్త గుడ్డ వాసనా రెండూ ఒక్కసారే తగిలాయి. విశాఖపట్నంలో ఏసీ షాపులో నిలబడి ఉన్నదాన్ని, ఉన్నపళంగా ముంచింగిపుట్టు సంతలో వచ్చి పడ్డాను. "చూశారా మేడమ్, మడిస్తే గుప్పెట్లో పట్టేస్తుంది. ట్రెక్కింగుకీ టూర్లకీ అందరూ ఇదే అడుగుతున్నారు. కొత్త మోడల్" అంది సేల్స్ అమ్మాయి. కొత్త మోడలట! నాకు నవ్వు ఆగలేదు. ఈ మోడల్‌ని తొంభైల్లోనే నా భుజాన తగిలించిన మనిషి ఒకావిడ ఉంది. ఆ సంగతి చెబితే ఆ అమ్మాయి నమ్మదు కాబట్టి, నా పరీక్షలు నేను మొదలుపెట్టాను. సంచిని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. పట్టీ మీద నాలుగు వేళ్ళు పరిచి వెడల్పు చూశాను. కుట్టుకు అటూ ఇటూ బొటనవేళ్ళు పెట్టి గట్టిగా లాగాను. ఆ అమ్మాయి గుడ్లప్పగించి చూస్తోంది. పాపం, దానికేం తెలుసు, ఆ పరీక్షలేవీ నావి కావు.

అవన్నీ మా పైడమ్మ గారివి. నేను బొబ్బిలి దగ్గర ఒక పల్లె నుంచి ఏఎన్ఎం నర్సుగా మొదటి పోస్టింగు మీద ముంచింగిపుట్టు ఏజెన్సీకి వెళ్ళినప్పుడు ఆవిడ మాకు సూపర్‌వైజరు. పిల్లలకు టీకాలు వేయడానికి కొండ ఊళ్ళకు నడిచి వెళ్ళడం మా పని. పైడమ్మ గారిది విజయనగరం వైపు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పక్క కొండకు వినిపించేంత. చీర కుచ్చిళ్ళు ఎగదోపి నడిస్తే మగవాళ్ళు కూడా వెనకబడేవారు. నేను బస్సు దిగిన రోజున నా వెంట ఒక పెద్ద భుజాల బ్యాగు ఉంది. ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో వైజాగులో కొన్నది. దాని నిండా జిప్పులే. జిప్పుల్లో మళ్ళీ జిప్పులు. ఆవిడ ఎద్దును బేరం చేసేవాళ్ళలా దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏటే గుంటా, ఇల్లు పీకి మోసుకొచ్చీసినావేటి?"

"స్ట్రాంగుగా ఉంటుందని కొన్నాను మేడమ్."

"అది స్ట్రాంగే. నువ్వుంటావా?" అంటూ బ్యాగులో సామానంతా నా మంచం మీద బోర్లించి, ఉత్త బ్యాగును చేత్తో ఎత్తి చూసింది. "ఏటీ ఎట్టకముందే ఇంత బరువుంటే, కొండ మీదకి నువ్వేటి మోత్తావు? సంచినే మోత్తావు."

నాకు ఒళ్ళు మండింది. ఎంతో ముచ్చటపడి కొనుక్కున్నది మరి. అప్పుడు ఆవిడ నడుము దగ్గర దోపుకున్న నల్లటి ఉండ ఒకటి తీసింది. మారేడుకాయంత ఉంటుంది. దాన్ని ఒక్క విసురు విసిరితే రెండు పట్టీలున్న సంచి అయి కూర్చుంది. పాత గొడుగు గుడ్డతో కుట్టించుకున్నదట. మళ్ళీ మూడు మడతలు పెట్టి, మోకాలితో నొక్కి గాలి తీసేసి, దాని లోపలి జేబులోకి దాన్నే తోసేసి నా అరచేతిలో పెట్టింది. "కళ్ళు మూసుకో. సేతిలో ఏటైనా ఉన్నట్టుందా?" అంది. నిజంగానే ఉన్నట్టు లేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. నాకూ అలాంటిది కావాలని అప్పటికప్పుడే మనసు పట్టుబట్టింది.

ముంచింగిపుట్టు సంత రోజు కోసం ఎంత ఎదురు చూశానో. ఆ రోజు గొడుగులు బాగుచేసే ముసలాయన దగ్గర మేమిద్దరం కూర్చుంటే పొద్దు ఎటు పోయిందో తెలియలేదు. చింకి గొడుగులన్నీ విప్పించింది. ఒక్కొక్క గుడ్డనూ ఎండకు ఎత్తి పట్టి చిల్లులు వెతికింది. ఎదురెదురు మూలలు పట్టుకుని ఏటవాలుగా లాగింది. నిలువుగా లాగితే ఏ గుడ్డయినా ఆగుతుందనీ, ఏటవాలుగా లాగినప్పుడే దాని సంగతి బయటపడుతుందనీ ఆవిడ నమ్మకం. ముసలాయనకు చిరాకొచ్చింది.

"అమ్మా, గుడ్డ సూత్తన్నావా, కోడల్ని సూసుకుంతన్నావా?"

"కోడలైతే ఇంత సూడన్రా బాబూ. కోడలు నా ఈపు మీద ఎక్కదు కదా!"

చుట్టుపక్కల దుకాణాల వాళ్ళంతా ఒకటే నవ్వు. పట్టీలకు మంచాలకు అల్లే నవారు తీసుకుంది, నాలుగు వేళ్ళ వెడల్పున్నది. సన్నపట్టీ అయితే భుజం కోసేస్తుందట. జిప్పు ఉండాలని నేను పట్టుబట్టాను. వానకు బురద పట్టి జిప్పు మొరాయిస్తే సంచిని పళ్ళతో చింపుకుంటావా అని ఒక్క తిట్టు తిట్టి, మూతికి తాడు పెట్టించింది. చివరికి సంతలో దర్జీ కుట్టడం పూర్తయ్యాక, తన సంచికి ఉన్నట్టే వీపు మీద కనబడేలా ఎర్రగుడ్డ ముక్క ఒకటి వేయించింది. మంచులో నా వెనక వచ్చేవాళ్ళకు దారి తెలియాలి కదా అంది. ఆ సాయంత్రమంతా నేను ఆ సంచిని విప్పడం, మడవడం, విప్పడం, మడవడం. గదిలో నన్ను చూసినవాళ్ళు పిచ్చిదనుకునేవారు. ఒక్కటే అర్థం కాలేదు. మందుల పెట్టె మోయడానికి హెల్త్ అసిస్టెంటు ఉన్నాడు. టీకా సీసాలున్న ఐసు డబ్బా నా భుజాన ఉంటుంది. మరి ఈ సంచిలో ఏం పెట్టాలి? టిఫిన్ డబ్బా పెట్టుకుంటానంటే కూడదంది, బిస్కెట్లు కూడదంది. "ఖాళీగా ఎందుకు మేడమ్ మోయడం?" అని అడిగితే, "లేడిపుట్టు ఎల్దుము కదా, అక్కడ తెలుత్తాదిలే" అంది.

లేడిపుట్టు పేరెత్తితే మా సెంటర్లో అందరి ముఖాలూ వేలాడిపోయేవి. అంతకుముందు వెళ్ళిన టీముకు ఆ ఊళ్ళో ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఈలోగా చుట్టుపక్కల ఊళ్ళలో తట్టు మొదలైంది. ఒంటి నిండా ఎర్రటి పొక్కులు, ఆగని దగ్గు, గాజుకళ్ళతో పిల్లల్ని చంకనేసుకుని తల్లులు మా సెంటరుకు దిగి వస్తున్నారు. కొంతమంది పిల్లలు తిరిగి వెళ్ళలేదు. అది లేడిపుట్టుకు ఎక్కే లోపల మేము ఎక్కాలి. ఈసారీ తలుపులు మూసుకుంటే ఇక ఆ పిల్లలకు దేవుడే దిక్కు.

తెల్లవారుతుండగా బయలుదేరాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు నడిచే పైడమ్మ గారి వీపు మీది ఎర్రముక్క తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు. పైకెక్కేకొద్దీ ఎండ విచ్చుకుంది. కాఫీ తోటలు దాటాం, వలిసె పూలు పచ్చగా పరుచుకున్న చేలు దాటాం. భుజాన ఐసు డబ్బా తప్ప బరువన్నది లేదు. నాకు పరుగెత్తాలనిపించింది. ఊరి మొదట్లో ఆవిడ ఆగి, వీపు మీది సంచి తీసి మడిచి గుప్పెట్లో పెట్టుకుంది. నన్నూ అలాగే చేయమంది.

ఊరికి పెద్దలాంటి బుద్రి అవ్వ మమ్మల్ని చూసింది. నవ్వలేదు, పొమ్మనలేదు. లోపలికెళ్ళి ఆనపకాయ బుర్రలో రాగి అంబలి తెచ్చి, అడ్డాకు దొన్నెల్లో పోసి ముందు నాకే అందించింది. నా ధ్యాసంతా డబ్బాలో కరిగిపోతున్న ఐసు మీద ఉంది. ఐసు కరిగితే మందు పాడు, మందు పాడైతే ఈ నడకంతా దండగ.

"ముందు సూదులు వేసేద్దాం అవ్వా, తర్వాత తాగుతాం" అనేశాను.

అంతే. అవ్వ చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. గుమ్మాల్లో నిలబడిన తల్లులు పిల్లల్ని లోపలికి తిప్పుకున్నారు. ఒక తలుపు మూసిన చప్పుడు, ఆ వెంటనే ఇంకొకటి.

పైడమ్మ గారు ముందుకొచ్చింది. గుప్పెట్లో సంచిని విసురుగా విప్పి, తిరగేసి అవ్వ ముందు దులిపింది. ఒక్క గింజ రాలలేదు. ఆ సంచినే వాకిట్లో పరుచుకుని దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"సూసుకో అవ్వా, ఏటీ తేనేదు. తిండి కూడా తేనేదు. మీ ఇంట అంబలి తాగుదుమని పొద్దున్నుంచి ఒట్టి కడుపుతో నడిసొచ్చినాం" అంది.

అవ్వ తన భాషలో ఏదో గొణిగింది. పైడమ్మ గారు అదే భాషలో రెండు మాటలు కలిపి దొన్నె అందుకుంది. నావైపు వంగి చిన్నగా అంది: "పోయిన టీమోలు బేగుల నిండా డబ్బాలట్టుకొచ్చి, ఈల సెట్టుకిందే కూకుని ఈల ముందే తిని సెయ్యి కడుక్కున్నారట. ఈలింట గంజి తాగనోలి సేతికి ఈల బిడ్డనెందుకిత్తారే? తాగు. బేగి కాదు, మెల్లగ తాగు."

తాగాను. చల్లగా, పుల్లగా, లోపలి వరకూ ప్రాణం లేచొచ్చినట్టుంది. ఇంకో దొన్నె అడిగాను, అది మర్యాద కోసం కాదు, నిజంగానే ఆకలి. అప్పుడు నవ్వింది బుద్రి అవ్వ. ఒక చెయ్యి ఐసు డబ్బా మీదే ఉంచి నేను లోలోపల గింజుకుంటూ ఉంటే, అవ్వ నా గుప్పెట్లో నల్లటి ఉండ చూసి అదేమిటని అడిగింది. విసిరి చూపించాను. "ఓయ్!" అంటూ అవ్వ దాన్ని లాక్కుంది. తనే మడిచి చూసింది, సగం బయటే ఉండిపోయింది. పిల్లలు ఎక్కడినుంచి వచ్చారో బిలబిలమంటూ వచ్చి మీద పడ్డారు. మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తల్లులు కూడా వచ్చి, సంచి మడవడం నేనంటే నేనని పోటీలు పడ్డారు. ఆ నవ్వుల మధ్య బుద్రి అవ్వ తన మనవరాల్ని తెచ్చి నా ఒడిలో పెట్టింది. ఆ పిల్ల కెవ్వుమంది. ఆ కెవ్వు కంటే తియ్యని చప్పుడు నేను ఇంకోటి వినలేదు. వెనకే ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఊళ్ళో పిల్లలందరికీ టీకాలు వేసి డబ్బా మూత తీసి చూస్తే, ఐసు ఇంకా గడ్డగానే ఉంది. నేను నిజంగా ఎగిరి గంతేశాను. అసిస్టెంటు తల తిప్పుకుని నవ్వాడు.

ఖాళీ సంచి సంగతి తిరిగి బయలుదేరేటప్పుడు తెలిసింది. ఒకరు చిక్కుడు గింజలు, ఒకరు పసుపు కొమ్ములు, ఇంకొకరు అల్లం. బుద్రి అవ్వ పెద్ద గుమ్మడికాయ తెచ్చింది. నేను వద్దనబోయేంతలో పైడమ్మ గారు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. ఇచ్చినది పట్టుకెళ్ళడానికి చోటు లేనివాళ్ళు ఆ ఊరికి మళ్ళీ రానివాళ్ళ కింద లెక్కట. దిగుతున్నంతసేపూ గుమ్మడికాయ వీపును గుద్దుతూనే ఉంది. నవారు పట్టీలు మాత్రం భుజాన్ని కోయలేదు, ఏటవాలుగా లాగి చూసిన గుడ్డ పిగలలేదు. కిందికొచ్చాక రిజిస్టరు తీయబోతే పైడమ్మ గారు నా సంచిని చేత్తో తూచి, "అది ఆఫీసుకి సూపించు. నాకిది సాలు" అంది.

ఆ ఏడాది తట్టు చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ తిరిగింది. లేడిపుట్టు పిల్లలు మాత్రం వలిసె చేలల్లో ఆడుకుంటూనే ఉన్నారు. ఆ సంతోషం ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆవిడ రిటైరయ్యాక ఒకసారి అరకు స్టేషన్లో కలిశాం. రెండువేల సంవత్సరం దాటిన రోజులు, టూరిస్టులు బాగా పెరిగారు. బెంచీ మీద మా పక్కన కూర్చున్న ఒక అమ్మాయి జేబులోంచి చిన్న ఉండ తీసి విదిల్చింది. నీలిరంగు సంచి! పైడమ్మ గారు ఒక్క ఉదుటున లేచింది.

"ఓలమ్మో! నా సంచిని ఎవులో ఎత్తుకుపోనారే!"

ఆ అమ్మాయి హడలిపోయింది. నేను విషయం చెప్పాక నవ్వి సంచి ఇచ్చింది. మా పైడమ్మ గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది, ఏటవాలుగా లాగింది, కుట్లు చూసింది. ముఖం వెలిగిపోతోంది. "గుడ్డ బంగారమే. పట్టీ సన్నం. భుజం కోసేత్తాది, నవారు ఏయించుకో" అని సలహా కూడా ఇచ్చింది. రైలు వచ్చేదాకా ఇద్దరూ పందెం వేసుకుని సంచులు మడుచుకుంటూ కూర్చున్నారు. నన్ను పట్టించుకున్న పాపాన పోలేదు. నాకు ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా కనిపించేది ఆ ముఖమే. ఇప్పుడావిడ లేదు. కొత్త సంచి కనిపించినప్పుడల్లా చూపించడానికి మనిషి లేదన్న సంగతి తెలిసొస్తుంది.

ఇప్పుడు సూపర్‌వైజరును నేనే. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి చక్రాల సూట్‌కేసుతో బస్సు దిగింది. సోమవారం ఆ అమ్మాయిని కొండ మీదికి తీసుకెళ్ళాలి, తనకీ ఒక సంచి కావాలి. నా గొడుగు గుడ్డ సంచి ఎప్పుడో పీలికలైంది. ఎర్రముక్క మాత్రం కోసి దాచుకున్నాను. షాపులో ఆ సంచి పట్టీ నాలుగు వేళ్ళూ ఉంది, కుట్టు ఆగింది. ఎర్రముక్క కుట్టడానికి వీపు మీద చోటు కూడా చూసుకున్నాను. సంచి అందంగా కనబడాలని సేల్స్ అమ్మాయి దాని నిండా కాగితాలు కూరి, ఫ్రీ అంటూ వాటర్ బాటిలొకటి దోపింది. నేను అన్నీ తీసి కౌంటరు మీద పెట్టి, సంచిని మూడు మడతలు వేసి మోకాలితో నొక్కాను.

"మరి ఇందులో ఏం పెట్టుకెళ్తారు మేడమ్?"

"ఏమీ పెట్టం. వచ్చేటప్పుడు వాళ్ళే నింపుతారు" అన్నాను.